సస్క్వెహానా మీద 2018 సీజన్: ఐదు ట్రిప్పులు, తొమ్మిది చేపలు

జులై 28, శనివారం పొద్దున ఆరింటికి పెన్సిల్వేనియాలోని లివర్‌పూల్ దగ్గర, సస్క్వెహానా నది ఒడ్డున అద్దెకు తీసుకున్న క్యాబిన్ వెనక మెట్లు దిగబోయాను. రేవుకి పదకొండు మెట్లని ఓనరు చెప్పాడు. ఐదో మెట్టు మీదే నీళ్లు కాళ్లకి తగిలాయి. నది నడిమధ్యలో వేళ్లతో సహా లేచొచ్చిన చెట్టొకటి, దాని వెనకాలే ఒక గ్యాస్ సిలిండరు, ఎవరింటిదో ప్లాస్టిక్ కుర్చీ కొట్టుకుపోతున్నాయి. మా అబ్బాయి గాలం కర్ర పట్టుకుని నా వెనకే నిలబడ్డాడు. "ఇవాళ కూడా లేదా నాన్నా?" అన్నాడు. వాడికి పదకొండేళ్లు. వేసవి సెలవులు మొదలైనప్పట్నుంచీ ఆ కర్రకి తనే దారం చుట్టుకుని, ఎరల డబ్బా సర్దుకుని ఎదురుచూస్తున్నాడు.

మేముండేది పెన్సిల్వేనియాలో, మెకానిక్స్‌బర్గ్‌లో. ఐటీ ఉద్యోగాల మీద హారిస్‌బర్గ్ చుట్టుపక్కలకి వచ్చిన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఆఫీసుకి, న్యూ కంబర్లాండ్ గుడికి వెళ్తూ వస్తూ అందరం ఈ నదిని చూస్తాం గానీ, దిగినవాళ్లు తక్కువ. నేను రాజమండ్రి దగ్గర గోదావరి గట్టున పెరిగాను. మా మావయ్యతో కలిసి ఎర్రలు తవ్వి, వెదురు గాలంతో జెల్లలు పట్టేవాణ్ణి. అందుకేనేమో ఇక్కడికొచ్చిన మొదటి వేసవే సస్క్వెహానాలో కాలుపెట్టాను. న్యూయార్క్ రాష్ట్రంలో ఓట్సెగో సరస్సు దగ్గర పుట్టి 444 మైళ్లు పారి చెసపీక్ బేలో కలిసే నది ఇది. హారిస్‌బర్గ్ దగ్గర దాదాపు మైలు వెడల్పు. కానీ మంచి వేసవిలో చాలాచోట్ల మోకాలి లోతే. అడుగున రాతి పలకలు నదికి అడ్డంగా వరసలు తీరి ఉంటాయి. ఆ పలకల వెనక, నీడపట్టున, స్మాల్‌మౌత్ బాస్ కాచుకుని ఉంటుంది. కంచు రంగు ఒళ్లు, నిలువు చారలు, ఎర్రటి కన్ను. రెండు పౌన్లుండే చేప కూడా గాలానికి పడితే నీళ్లలోంచి రెండడుగులు పైకెగిరి తల విదిలిస్తుంది. మామూలు ఏడాదైతే ఒక్క సాయంత్రం ఇరవై దాకా పడేవి.

ఈ చేపని ఇంటికి తెచ్చుకోకూడదు. సన్‌బరీ దగ్గరున్న రబ్బరు డ్యామ్ నుంచి కింద హోల్ట్‌వుడ్ డ్యామ్ దాకా, 98 మైళ్ల మేర, పట్టిన బాస్‌ని అక్కడికక్కడే వదిలేయాలని 2011 నుంచి రూలుంది. 2018లో మే 1 నుంచి జూన్ సగం దాకా, అంటే గుడ్లు పెట్టే రోజుల్లో, దాని కోసం గాలం వెయ్యడమే నిషేధంగా ఉండేది. 2005లో పిల్ల చేపలు కుప్పలుగా చచ్చిపోవడంతో మొదలైన కష్టం ఇది. రూలు కఠినంగా ఉంటుందని కొందరు విసుక్కుంటారు. నాకైతే అది లేకపోతే మా అబ్బాయికి చూపించడానికి చేపే మిగిలేది కాదనిపిస్తుంది.

ఈ ఏడాది జూన్ 16న సీజన్ తెరిచారు. ఆ రోజు ఫోర్ట్ హంటర్ దగ్గర దిగాం. మొదటిసారి వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఈ చోటే. పార్కింగ్ ఉంది, పిల్లలకి పార్కు ఉంది, ఎదురుగా రాక్‌విల్ బ్రిడ్జి కనిపిస్తూ ఉంటుంది. 1902లో కట్టిన రాతి రైలు వంతెన, 48 కమానులు. కాస్త పైన డాఫిన్ నారోస్‌లో పాత వంతెన స్తంభం మీద చిన్న లిబర్టీ విగ్రహం కూడా ఉంది, పిల్లలు సరదా పడతారు. నీళ్లు పల్చటి టీ రంగులో ఉన్నాయి. ఐదు పడ్డాయి, అన్నీ జానెడు లోపే. మొదటి రోజు కదా, ఇంకా బోలెడు సీజన్ ఉందిలే అనుకున్నాం.

రెండో ట్రిప్పు జులై 21. ఎడిసన్ నుంచి మా బావ వచ్చాడు. ఆయన కోసమే ఒక గైడ్‌ని నెల ముందు బుక్ చేశాను. జెట్ బోట్, రోజంతా ఇద్దరికి 400 డాలర్లు. ఇక్కడ మామూలు ఫ్యానున్న ఇంజన్ పనికిరాదు, రాళ్లకి తగిలి విరిగిపోతుంది. అందుకే నీళ్లు పీల్చి చిమ్మే జెట్ ఇంజన్లు పెట్టుకుంటారు. ఆ పొద్దున్నే ముసురు పట్టింది. రేడియోలో వాన హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి. గైడ్‌కి ఫోన్ చేసి అడిగితే "ఏం ఫర్వాలేదు, వానలో చేపలు బాగా పడతాయి" అన్నాడు. డంకనన్ పైన క్లార్క్స్ ఫెర్రీ వంతెన కింద నుంచి వెళ్తుంటే, పడమటి ఒడ్డున కలిసే ఉపనది జునియాటా అప్పటికే మట్టి రంగుకి తిరిగింది. తూర్పు వైపు నీళ్లు ఇంకా నయంగా ఉన్నాయి. మధ్యలో గీత గీసినట్టు రెండు రంగులు పక్కపక్కనే పారుతున్నాయి. "బావా, అటు పోనివ్వమను, అటే నీళ్లు తేటగా ఉన్నాయి" అని మా బావ తెలుగులో నాతో అంటూనే ఉన్నాడు. ఆ మాట గైడ్‌కి చెప్పాను. ఆయన తనకి అలవాటైన పడమటి గుంటల్లోనే తిప్పాడు. పదకొండింటికల్లా ఎర వేసిన రెండంగుళాల లోతులో కనపడకుండా పోయింది. రోజంతటికీ ఒక్క చేప. డబ్బు గురించి అడిగితే, బోటెక్కాక వాపసు లేదన్నాడు. డబ్బు పోయినందుకన్నా, పొద్దున నిజం చెప్పనందుకు బాధపడ్డాను.

గోదావరిలో ఎర్రనీరు దిగితే మాకు సంబరం, పులస ఎదురెక్కి వస్తుంది. స్మాల్‌మౌత్ అలాంటిది కాదు. అది కళ్లతో చూసి వేటాడే చేప, బురద నీళ్లలో ఒడ్డు వారనున్న గడ్డి చాటుకి పోయి మేత మానేస్తుంది. పులసలాగే సముద్రం నుంచి నదిలోకి ఎదురెక్కే షాడ్ అనే చేప ఒకప్పుడు ఇక్కడా ఉండేది. 1910లో హోల్ట్‌వుడ్ డ్యామ్, 1928లో ఇంకా కింద కొనోవింగో డ్యామ్ కట్టాక దాని దారి మూసుకుపోయింది. తర్వాత చేపల్ని పైకి దాటించే లిఫ్టులు పెట్టారు గానీ, ఆ పాత రాక మళ్లీ రాలేదు. ఈ సంగతి తెలిసినప్పట్నుంచీ ధవళేశ్వరం గుర్తొస్తూ ఉంటుంది.

ఇక ఆ క్యాబిన్. 21న మొదలైన వాన వారం రోజులు వదల్లేదు. కొనోవింగో గేట్లు ఎత్తేశారు, చెత్త చెదారం బే మీద అనాపొలిస్ దాకా తేలింది. రెండు రాత్రులకి 340 డాలర్లు ముందే కట్టాం. తేదీ మార్చమని మూడుసార్లు అడిగినా ఒప్పుకోలేదు. క్యాబిన్ మాత్రం శుభ్రంగా ఉంది, వంటగదిలో గిన్నెలన్నీ ఉన్నాయి, మా ఆవిడ పులిహోర కలిపింది. నీళ్లు బాగుంటే కుటుంబంతో ఉండడానికి లివర్‌పూల్ వైపే మంచిదని ఇప్పటికీ అంటాను. డంకనన్ వైపు ఒక మోటెల్‌లో ఒక రాత్రి ఉన్నాం. చవకే గానీ రాత్రంతా గూడ్సు బళ్ల మోతకి పిల్లాడు నిద్రపోలేదు. మిల్లర్స్‌బర్గ్‌లో చక్రం తిప్పుకుంటూ వెళ్లే పాతకాలపు చెక్క ఫెర్రీ ఉంది, కార్లని కూడా ఎక్కించుకుని నది దాటిస్తుంది. నీళ్లు పెరిగినా మరీ తగ్గినా నడవదు. మేం ఒడ్డున నిలబడి చూసి వచ్చేశాం.

ఆగస్టులో ఒక పడవల షాపులో కనూ అద్దెకు తీసుకున్నాం. మా అబ్బాయికి పెద్దవాళ్ల లైఫ్ జాకెట్ ఇచ్చారు. బకిల్ పెట్టి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే జాకెట్ చెవుల మీదికి వచ్చేసింది. ఈ రాష్ట్రంలో పన్నెండేళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలు కనూలో జాకెట్ వేసుకునే ఉండాలి, అదీ సరిపోయేదే ఉండాలి. "కట్టేసి ఉందిగా" అన్నారు. నేను కారు తీసి నలభై నిమిషాలు వెళ్లి కొత్తది కొనుక్కొచ్చాను. పిల్లలతో వెళ్లేవాళ్లు దయచేసి జాకెట్ ఇంటి నుంచే తీసుకెళ్లండి. హారిస్‌బర్గ్‌లో డాక్ స్ట్రీట్ డ్యామ్ ఛాయలకి అసలు పోవద్దు. చూడ్డానికి చిన్న గట్టులా ఉంటుంది. దాని కింద సుడిలో పడితే తేలడం కష్టం, అక్కడ చాలామంది పోయారు. ఆ రోజు రెండు చేపలు.

సెప్టెంబర్ కోసం ఇంకో గైడ్‌కి 100 డాలర్లు డిపాజిట్ కట్టాను. బయల్దేరాల్సిన రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి ఆయనే ఫోన్ చేశాడు. "రావద్దండి. రాత్రి జునియాటా పెరిగింది. మీ డబ్బు తీసుకుని మిమ్మల్ని ఊరికే తిప్పలేను" అన్నాడు. తర్వాత పావుగంట సేపు హారిస్‌బర్గ్ గేజ్, అంటే అక్కడ నది నీటిమట్టం చూపించే కొలత, ఎలా చదవాలో చెప్పాడు. నాలుగడుగుల లోపుంటే నడిచి దిగొచ్చు, ఐదు దాటితే పిల్లాణ్ణి తేవద్దు, అంకె ఒక్కటే కాదు, అది పెరుగుతోందా తగ్గుతోందా చూడు, తగ్గుతూ ఉన్న మూడో రోజు రా అన్నాడు. ఇన్నేళ్లలో నాకెవరూ ఇంత వివరంగా చెప్పలేదు. మొదటి రోజే ఈయన దొరికుంటే బాగుండేది.

అక్టోబర్‌లో ఒక ఆదివారం హాలిఫాక్స్ దగ్గర ఒడ్డు నుంచే వేశాం. నాలుగు గంటలకి మా అబ్బాయి గాలానికి ఒకటి పడింది. పదిహేను అంగుళాలు. తడి చేత్తో పట్టుకుని తిప్పి చూస్తే దవడ కింద నుంచి పక్క దాకా సిరా ఒలికినట్టు నల్లటి మచ్చలు. గోటితో గీకినా పోలేదు, చర్మంలోనే ఉన్నాయి. ఇలాంటివాటిని ఇక్కడ బ్లాచీ బాస్ అంటారు. 2014లో ఈ నదిలోనే పట్టిన ఒక బాస్ నోటి దగ్గరి గడ్డ క్యాన్సరని తర్వాత పరీక్షల్లో తేలింది. పొలాల మందులు, మురుగుతో వచ్చే రసాయనాలు, రోగాలు, పురుగులు అన్నీ కలిసి ఈ చేపల్ని తింటున్నాయని రాష్ట్రం వాళ్ల అధ్యయనంలోనే చెప్పారు. "ఇది బతుకుతుందా నాన్నా?" అన్నాడు. మొప్పలు గట్టిగానే ఆడుతున్నాయి, బతుకుతుందనే చెప్పాను. వాడు రెండు చేతులతో నీళ్లలో పట్టుకుని, అది తోక విదిల్చేదాకా వదల్లేదు.

ఆ వారమే రెండో గైడ్ డిపాజిట్ చెక్కు వెనక్కి పంపాడు. నేను దాన్ని మళ్లీ ఆయనకే పంపి, వచ్చే జూన్‌కి ఉంచమన్నాను. తేదీ ఏం రాసుకోమంటారని అడిగితే, రాయొద్దు, నీళ్లు చూసి నేనే ఫోన్ చేస్తానన్నాడు.