మూర్ మార్కెట్ భాయ్ దగ్గర కొన్న రూత్ బ్రౌన్ ఎల్పీ

చెన్నై సెంట్రల్ పక్కన అల్లికుళం కాంప్లెక్సులో ఒక భాయ్ పాత రికార్డులు అమ్ముతాడు. 1985లో మూర్ మార్కెట్ కాలిపోయాక అక్కడి వ్యాపారులకిచ్చిన కొట్లలో అదొకటి. కొట్టు పేరు రాయను, కాస్త తిట్టబోతున్నాను కాబట్టి.

ముందు మంచి చెబుతాను. వినిపించి అమ్ముతాడు. ఇనప బీరువా మీద టర్న్‌టేబుల్, దాని పక్కన ఒక స్పీకరు. రెండోది ఎప్పుడో పోయిందట. నేను వెళ్ళింది తెలుగు పాటల కోసం. అప్పుడు ఎవరో కుర్రాడికి ఇంగ్లీషు రికార్డు వేసి వినిపిస్తున్నాడు. ఆడగొంతు. పంక్తి చివరికొచ్చేసరికి స్వరం పైకెగిరి, సన్నగా కీచుమని విరుగుతోంది. మా సంగీతం మాస్టారు వింటే "ఎవరమ్మా ఆ కీచుగొంతు, ఇంకో టేక్" అనేవారు. ఈవిడ మాత్రం కావాలనే విరుస్తోంది, విరిచిన చోటే పాట కూర్చుంటోంది. కుర్రాడు వద్దనుకుని వెళ్ళిపోయాడు. "ఎవరు భాయ్?" అంటే అట్ట నా చేతిలో పెట్టాడు. రూత్ బ్రౌన్ అనే అమెరికన్ గాయని.

ఎనభైల్లో నేను కోడంబాకంలో సినిమా పాటలకి కోరస్ పాడేదాన్ని. అందుకే ఇంటికొచ్చాక ఈవిడ కథ పట్టుకుని వదల్లేదు. 1928లో వర్జీనియాలోని పోర్ట్స్‌మత్‌లో పుట్టింది. తండ్రి రేవులో కూలి, చర్చిలో పాటల బృందాన్ని నడిపేవాడు. 1948లో న్యూయార్క్ వెళ్తూ కారు ప్రమాదంలో కాళ్ళు విరగ్గొట్టుకుంది. అట్లాంటిక్ అనే రికార్డుల కంపెనీ కాంట్రాక్టు మీద ఆసుపత్రి మంచం మీదే సంతకం పెట్టింది. 1950లో 'టియర్‌డ్రాప్స్ ఫ్రమ్ మై ఐస్' రిథమ్ అండ్ బ్లూస్ (నల్లజాతి అమెరికన్ల పాటల బాణీ) పట్టికలో 11 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అట్లాంటిక్‌ని 'రూత్ కట్టిన ఇల్లు' అనేవాళ్ళట.

ఇల్లు కట్టినావిడ అరవైల్లో లాంగ్ ఐలాండ్‌లో ఇళ్ళల్లో పనిచేసింది, బడి బస్సు నడిపింది. రికార్డులు అమ్ముడవుతూనే ఉన్నాయి. రాయల్టీ, అంటే అమ్మకాల్లో గాయనికి రావలసిన వాటా, ఏదంటే, రికార్డింగు ఖర్చులన్నీ ఆవిడ ఖాతాలోనే రాసి, ఆవిడే ఎదురు బాకీ అని కంపెనీ లెక్క. ఈ ముక్క చదివి నాకు నవ్వొచ్చింది. మాకు కాల్‌షీటు అయ్యాక కవరు చేతికిచ్చి సంతకం పెట్టించుకునేవాళ్ళు, అంతే. ఖాతానే లేదు కాబట్టి బాకీ కూడా లేదు! ఆవిడ మాత్రం ఊరుకోలేదు. హోవెల్ బెగిల్ అనే లాయరుని పట్టుకుని ఏళ్ళ తరబడి పోరాడింది. 1988లో కంపెనీ పాత బాకీలు కొట్టేసి, ఆవిడకే కాదు, ఆ కాలపు మరికొందరు గాయకులకీ రాయల్టీలు కట్టడం మొదలుపెట్టింది. మరుసటి ఏడు న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో నటించినందుకు టోనీ అవార్డు. అప్పటికి 61 ఏళ్ళు. 2006లో పోయింది.

ఇక తిట్లు. భాయ్ 1,600 చెప్పాడు, 1,250కి దిగాడు. కొట్లో వినిపించింది ఒక్క వైపే. ఆ వైపు పాట శుభ్రంగా వినిపించింది, చిరుచిరు చిటపటలు తప్ప. ఇంటికొచ్చి రెండో వైపు వేస్తే రికార్డు వంగి ఉంది, ముల్లు పడవలా లేచి పడుతోంది. మూడో పాటలో 'టక్' మని వెనక్కి గెంతి అదే మాట పట్టుకుంది. కొత్త లోపలి కవరుకని 50 తీసుకున్నాడా, తీరా చూస్తే లోపల దినతంతి అనే తమిళ పేపరు కాగితం. మర్నాడు వెళ్ళి అడిగితే, "డబ్బు వాపసు లేదమ్మా, వేరే రికార్డు తీసుకోండి" అన్నాడు. మార్చుకోలేదు. మొదటి వైపు వదులుకోబుద్ధి కాలేదు.

వెళ్ళేవాళ్ళు రెండు వైపులా వేయించుకుని వినండి. రికార్డుని కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని వంకర చూడండి. తెలుగు కట్టలు బల్ల కింద, గోనెతాడు కట్టి ఉంటాయి, దుమ్ముకి ముక్కు మూసుకోవాలి. రెండో కట్టలో నేను కోరస్ పాడిన సినిమా ఈపీ (కొన్ని పాటలే పట్టే చిన్న రికార్డు) దొరికింది. అట్ట మీద మా పేర్లు ఉండవు లెండి. 120 అన్నాడు. దానికి బేరమాడలేదు. రెండు వైపులా మాత్రం వేయించుకునే తెచ్చుకున్నాను.