మారిన అభిరుచిని పోల్చుకోలేని పాటల యాప్: పదకొండేళ్ళ వాడకం తర్వాత ఒక సమీక్ష

ఒకే పాటల యాప్‌కు పదకొండేళ్ళుగా మానకుండా చందా కడుతున్నాను. మొదలుపెట్టినప్పుడు నాకు ముప్పై నాలుగేళ్ళు, ఇప్పుడు నలభై అయిదు. ఇలాంటి యాప్‌లను సమీక్షించేవారు సాధారణంగా ధ్వని నాణ్యత గురించో, పాటల సంఖ్య గురించో రాస్తారు. ఆ రెండింటిలోనూ నాకు ఏ లోటూ కనిపించలేదు. ధ్వని శుభ్రంగా ఉంది, డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు నెట్ లేనిచోట కూడా ఆగకుండా వస్తాయి, వెతికిన పాట దాదాపు ప్రతిసారీ దొరికింది. నేను పరిశీలించదలచింది వేరే విషయం. పదకొండేళ్ళలో నేను వినే సంగీతం పూర్తిగా మారిపోయింది. ఆ మార్పును ఈ యాప్ ఎంతవరకు గమనించింది, గమనించి ఏం చేసింది అన్నదే నా ప్రశ్న.

ఈ యాప్‌లో అన్నిటికన్నా విలువైన సదుపాయం సెట్టింగుల్లో బాగా లోపల ఉంటుంది. మన ఖాతాకు సంబంధించిన మొత్తం వినికిడి చరిత్రను పంపమని అడిగితే, రెండు మూడు వారాల తర్వాత ఒక ఫైలు వస్తుంది. అందులో విన్న ప్రతి పాటకూ ఒక వరుస ఉంటుంది: తేదీ, సమయం, పాట పేరు, ఎన్ని సెకన్లు విన్నాం, మనమే ఎంచుకున్నామా లేక దానంతట అదే వచ్చిందా, పూర్తయ్యాక ఆగిందా లేక మధ్యలో మనం దాటేశామా. ఒక సాయంత్రం ఆ ఫైలు ముందు కూర్చుని అర్ధరాత్రి దాటేదాకా లేవలేకపోయాను. మొదటి మూడేళ్ళ వరుసల్లో దాదాపు అన్నీ డప్పుల జోరు ఉన్న వేగమైన పాటలే, అవి కూడా ఉదయం ఆఫీసుకు వెళ్ళే వేళల్లోనే. తర్వాత నెమ్మదిగా సాహిత్యం బలంగా ఉన్న పాటలు చేరాయి. ఇప్పటి వరుసల్లో సగానికి పైగా మాటల్లేని వాద్య సంగీతం, ఎక్కువగా రాత్రి పదింటి తర్వాత.

ఆ ఫైల్లో ఒక వయొలిన్ రచన దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అది పద్నాలుగు నిమిషాల నిడివి ఉన్న, చాలా నిదానంగా నడిచే రచన. అయిదేళ్ళ వ్యవధిలో అది నా ముందుకు ఆరుసార్లు వచ్చింది. ఆరుసార్లూ నేను దాన్ని దాటేశాను: ఒకసారి ఇరవై సెకన్ల దగ్గర, ఒకసారి పదకొండు దగ్గర, ఒకసారి నిమిషం దాటాక. ఏడోసారి, ఒక రాత్రి రెండింటికి, మొదటినుంచి చివరిదాకా విన్నాను. ఆ వారంలోనే మరో తొమ్మిదిసార్లు విన్నాను. ఆ రాత్రి ఏం జరిగిందో ఫైలుకు తెలియదు, నాకు తెలుసు. మా నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చి ఇంటికి వచ్చాను. ఎవరి మాటా, చివరికి పాటలోని మాట కూడా వినే ఓపిక లేదు. మాటల్లేని సంగీతం వైపు నా ప్రయాణం ఆ రాత్రి మొదలైందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ ఆరు వరుసలు చూశాకే, అది అంతకు చాలా ముందే మొదలైందని అర్థమైంది.

మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయొంక్ 1968లో చూపించిన విషయం ఇక్కడ గుర్తుకొస్తుంది. ఒకదాన్ని పదేపదే చూడడం, వినడం వల్లనే, మరే కారణమూ లేకుండా, దానిమీద మనకు ఇష్టం పెరగగలదు. సంగీతంలోనైతే దీనికి మరో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ బెర్లిన్ 1971లో ప్రతిపాదించిన మాటను కూడా కలిపి చూడాలి: మరీ తేలికైనదీ మనల్ని కట్టిపడేయదు, మరీ జటిలమైనదీ కట్టిపడేయదు, ఇష్టం ఆ రెంటి నడుమ శిఖరానికి చేరుతుంది. వింటున్నకొద్దీ జటిలమైన రచన చెవికి అలవాటై ఆ నడిమి చోటుకు జరుగుతుంది, ఒకప్పుడు ప్రాణంగా ఉన్న సులువైన పాట అక్కడినుంచి జారిపోతుంది. ఈ లెక్కన నేను దాటేసిన ఆ ఆరుసార్లూ తిరస్కారాలు కావు, పరిచయాలు. అయితే యాప్ వాటిని తిరస్కారాలుగానే లెక్కకట్టిందని నా అనుభవం, ఎందుకంటే ఆ ఏడోసారి ఆ రచన దానంతట అది రాలేదు, ఎక్కడో విన్న గుర్తుతో నేనే పేరు వెతికి పెట్టుకున్నాను.

యాప్ ఇచ్చే సిఫార్సుల మౌలిక లోపం కూడా ఇదే. వీటి వెనక ఉన్న పద్ధతి పాతదే. 1990ల మధ్యలోనే అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో రింగో అనే ప్రయోగాత్మక వ్యవస్థ ఇలా సంగీతాన్ని సూచించింది. మీ అభిరుచికి దగ్గరగా ఉన్న శ్రోతలను వెతికి, వారికి నచ్చి మీరింకా వినని వాటిని మీ ముందు పెట్టడమే ఆ పద్ధతి సారం. ఇప్పటి యాప్‌లు పాట ధ్వని లక్షణాలను కూడా విశ్లేషిస్తాయి కానీ, పొరుగువారిని వెతకడం అన్న ఆలోచన అలాగే ఉంది. నా విషయంలో ఆ పొరుగువారు ఎవరు? ముప్పై నాలుగో ఏట నేను విన్నవాటిని వింటూ ఉన్నవారు. నేను ఆ వీధి వదిలి వచ్చేసి చాలాకాలమైనా, యాప్ మాత్రం ఇంకా అక్కడే ఇంటింటికీ వెళ్ళి నా గురించి వాకబు చేస్తోంది. వారానికి ముప్పై పాటలతో వచ్చే జాబితాను ఒక నెలపాటు లెక్కపెట్టాను. 120 పాటల్లో 81 నేను మొదటి నాలుగేళ్ళలో విన్న గాయకులవో, వారిని పోలినవారివో.

యాప్ పక్షాన చెప్పవలసింది కూడా ఉంది. మోరిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ అనే పరిశోధకులు 1989లో ప్రచురించిన అధ్యయనంలో, జనాదరణ పొందిన సంగీతం విషయంలో శ్రోతల ఇష్టం వారికి సుమారు 24 ఏళ్ళు ఉన్నప్పుడు వచ్చిన పాటల దగ్గర శిఖరానికి చేరింది. కౌమారం నుంచి తొలి యవ్వనం దాకా గడిచిన రోజులే జ్ఞాపకాల్లో ఎక్కువ గాఢంగా నిలుస్తాయన్నది కూడా పదేపదే రుజువైన విషయం. అందువల్ల నా ఇరవైల నాటి పాటలను యాప్ నా ముందు పెడితే తప్పుపట్టలేను. వాటిలో ఏది వినిపించినా ఇప్పటికీ చేస్తున్న పని ఆపి వింటాను. కానీ ఒక పాటమీద మమకారం ఉండడం వేరు, ఈ రోజు దాన్ని వినాలనిపించడం వేరు. 2013లో ఏరియల్ బాన్‌విల్-రౌసీ, పీటర్ రెంట్‌ఫ్రో బృందం రెండున్నర లక్షలమందికి పైగా ఇచ్చిన సమాచారాన్ని పరిశీలించి, కౌమారం నుంచి నడివయసు దాకా మనుషులు ఇష్టపడే సంగీత రకాలు వయసుతోపాటు ఒక క్రమంలో మారుతుంటాయని చూపింది. ఇన్ని లక్షల శ్రోతల వరుసలు చేతిలో ఉన్న సంస్థ ఆ క్రమాన్ని ఎందుకు వాడుకోదో నాకు అర్థం కాలేదు.

అన్నిటికన్నా బాధ కలిగించిన అనుభవం మా నాన్నగారి పాటలతో వచ్చింది. ఆయన చివరి అయిదు నెలలు మంచం పక్కన నా ఫోనే పాడింది. ఆయన యవ్వనం నాటి పాటలు, ఆయన అడిగిన వరుసలో, రోజుకు రెండు మూడు గంటలు వినిపించేవాణ్ణి. ఎవరికీ కనబడకుండా, లెక్కలోకి రాకుండా వినే పద్ధతి యాప్‌లో ఉంది కానీ, అది కొన్ని గంటలకు దానంతట అదే ఆగిపోతుంది. ఆ రోజుల్లో దాన్ని మళ్ళీమళ్ళీ పెట్టే ధ్యాస నాకు లేదు. ఆయన వెళ్ళిపోయిన మరుసటి సోమవారం వచ్చిన జాబితాలో మొదటి పాట ఆయన రోజూ అడిగిందే. వినియోగదారుల విభాగానికి రాశాను. ఒక్కొక్క పాట దగ్గరా ‘నచ్చలేదు’ గుర్తు నొక్కమని మర్యాదగా జవాబిచ్చారు. ఆ పాటల మీద నేను ఆ గుర్తు నొక్కలేకపోయాను. ‘ఇప్పుడు వద్దు’ అని చెప్పే గుర్తు ఒక్కటి ఉంటే చాలు. పదకొండేళ్ళలో ఎన్నో కొత్త హంగులు వచ్చాయి, అది మాత్రం రాలేదు.

వచ్చినప్పుడల్లా వాటిని దాటేస్తూ పోయాను, కొన్ని నెలలకు అవి రావడం మానేశాయి. ఏడాదిన్నర తర్వాత ఒకనాడు వాటిలో ఒక పాట నా నోట నాకు తెలియకుండానే వచ్చింది. వెతికి విన్నాను. ఆనాటి నుంచి అవి నావి కూడా అయ్యాయి. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కెరొల్ క్రమ్‌హాన్స్ల్ 2013లో జస్టిన్ జుప్నిక్‌తో కలిసి ప్రచురించిన అధ్యయనం చదివాక దీని వెనక కారణం కొంత తెలిసింది. ఇరవై ఏళ్ళ యువతకు తమ కాలపు పాటలతోపాటు తమ తల్లిదండ్రుల యవ్వనకాలపు పాటల మీద కూడా ప్రత్యేకమైన అనుబంధం ఉన్నట్టు అందులో తేలింది. చిన్నప్పుడు ఇంట్లో వినిపించినది లోపల ఉండిపోతుంది. నాలో అది పైకి రావడానికి నలభై మూడేళ్ళు పట్టింది. సరిగ్గా అప్పటికి యాప్ ఆ తలుపు మూసేసింది. ఇప్పటికీ ఆ కాలపు పాటలు ఒక్కటి కూడా సిఫార్సుల్లో రావు, ప్రతిదీ పేరు పెట్టి వెతుక్కోవలసిందే.

చెవి సంగతి కూడా ఒక మాట చెప్పాలి. వయసుతోపాటు వినికిడి తగ్గడం ముందుగా హెచ్చు శ్రుతిలోని సన్నని శబ్దాల దగ్గరే మొదలవుతుంది, లోపలి చెవిలో పోయిన కణాలు మళ్ళీ పెరగవు. ఒకప్పుడు నన్ను ఉర్రూతలూగించిన తాళాల గలగల ఇప్పుడు పలచగా వినబడుతోంది, మంద్రస్థాయి వాద్యాలు దగ్గరగా అనిపిస్తున్నాయి. హెచ్చు, మంద్ర స్వరాలను విడివిడిగా పెంచి తగ్గించుకునే ఈక్వలైజర్ ఈ యాప్‌లో ఉంది, అది ఇందుకు నిజంగా ఉపయోగపడింది, పాట పాటకూ ధ్వని హెచ్చుతగ్గులను సరిచేసే ఏర్పాటు కూడా బాగుంది.

ఏడాది చివర వచ్చే రంగురంగుల నివేదిక మాత్రం నాకు ఏమీ చెప్పలేదు. ఆ ఏడాది ఎక్కువసార్లు మోగిన అయిదు పాటలు చూపించి ఊరుకుంటుంది. నిరుటికీ ఈ ఏటికీ ఏం వదిలాను, ఏం అందుకున్నాను, ఏది ఏళ్ళ తరబడి దాటేసి చివరికి విన్నాను అన్న వివరాలన్నీ వారి దగ్గరే ఉన్నాయి, ఎవరికీ చూపించరు.

ఇరవైల్లో ఉన్నవారికి ఈ యాప్ సిఫార్సులు బాగానే సరిపోతాయి, అభిరుచి ఇంకా ఒక దిశలోనే విస్తరిస్తూ ఉంటుంది గనక. నలభై దాటినవారు వాటిని నమ్ముకోకుండా, ఏడాదికొక ప్లేలిస్ట్ సొంతంగా చేసుకోవడం, ఇంట్లోవాళ్ళ కోసం వేసే పాటలకు వేరే ఖాతా పెట్టుకోవడం మేలు. నేను చందా కొనసాగిస్తున్నాను, ప్రధానంగా ఆ చరిత్ర ఫైలు కోసమే. అడగదలచుకున్నవారు ఒకటి గమనించాలి: ముందుగా కనిపించే గడి గత ఒక్క ఏడాది వివరాలకు సంబంధించినది, మొదటి రోజు నుంచి మొత్తం కావాలంటే దాని కింద ఉన్న రెండో గడిలో గుర్తు పెట్టి, మెయిల్‌కు వచ్చే లింకును నొక్కి నిర్ధారించాలి.