ప్రెస్ నోట్: ఉచితంగా పెడితే చాలా, డబ్బు కట్టి పంపాలా, విలేకరి చేతికి ఇవ్వాలా?

మొన్న శ్రీకాళహస్తి నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. కలంకారీ వేసే ఆడవాళ్లు పదకొండు మంది కలిసి, దళారి లేకుండా సొంతంగా అమ్ముకోవాలని బృందం పెట్టుకున్నారు. "అన్నా, రెండొందల వెబ్‌సైట్లలో మన వార్త వేస్తామని ఒకాయన చెప్తా ఉండాడు. తొమ్మిది వేలంట. కట్టేదా, వద్దా? ఊరికే వేసే సైట్లు కూడా ఉండాయంట కదా?" అని అడిగింది. తొమ్మిది వేలు ఆ బృందానికి చిన్న మొత్తం కాదు. గుడ్డకు, కరక్కాయకు, రంగులకు పెట్టుకున్న డబ్బులోంచి తీయాలి. అందుకే అవుననో కాదనో ఫోన్లో ఒక్క ముక్కలో తేల్చబుద్ధి కాలేదు.

తిరుపతిలో పద్నాలుగేళ్లుగా ప్రెస్ నోట్లు రాస్తున్నాను. బడులకు, ఆస్పత్రులకు, సంఘాలకు, చిత్తూరు వైపు మామిడి పల్ప్ ఫ్యాక్టరీలకు రాశాను. ఉచిత సైట్లలో పెట్టాను, డబ్బు కట్టించి పంపించాను, టీ కొట్టు దగ్గర విలేకరి చేతికీ ఇచ్చాను. మూడింటి మంచీ చెడూ చూశాను కాబట్టి, అక్కకు చెప్పిందే ఇక్కడ ఇంకొంచెం వివరంగా రాస్తున్నాను.

అసలు ఈ ప్రెస్ నోట్ల పంపిణీ వ్యాపారం ఏం అమ్మడానికి పుట్టిందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. ప్రెస్ నోట్‌కు మొదలు 1906 అంటారు. అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీంచి నీళ్లలో పడితే, పెన్సిల్వేనియా రైల్‌రోడ్ తరఫున ఐవీ లీ జరిగిన విషయం రాసి పత్రికలకు ఇచ్చాడు. అట్లాంటి ప్రకటనలను పంచిపెట్టడమే పనిగా 1954లో పీఆర్ న్యూస్‌వైర్, 1961లో బిజినెస్ వైర్ మొదలయ్యాయి. వాళ్లు అమ్మింది ఒక్కటే: మీ కాగితం న్యూస్‌రూమ్‌లో టెలిప్రింటర్ మిషన్ దాకా చేరడం. అచ్చు వేయాలా వద్దా అన్నది అప్పుడూ ఇప్పుడూ ఎడిటర్ ఇష్టమే. డబ్బు కడితే వార్త వస్తుందనుకునేవాళ్లు పొరబడేది సరిగ్గా ఇక్కడే.

ఉచిత సైట్ల సంగతి ముందు చెప్తాను, అది త్వరగా అయిపోతుంది. ఓపెన్‌పీఆర్, పీఆర్‌లాగ్ లాంటి పేర్లు మీరు వినే ఉంటారు. ఖాతా తెరిచి, నోట్ అతికించి, బటన్ నొక్కితే పని అయిపోతుంది. అయితే అది గోడకు అంటించిన కాగితం లాంటిది. తిరుపతిలో ఏ పత్రిక డెస్క్‌లోనూ ఆ సైట్లు తెరిచి వార్త వెతుక్కునే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. పక్కన ఎవరెవరివో ప్రకటనలు ఉంటాయి, ఒక్కోసారి మీ పోటీదారుడిదే ఉంటుంది. మీ ఫోన్ నంబరు అందరి కంటా పడుతుంది కాబట్టి లోన్లు ఇస్తామనే కాల్స్ మొదలవుతాయి. మరి లాభమే లేదా? ఉంది, ఒకటి. మీ సంస్థ పేరు గూగుల్‌లో కొడితే ఏమీ రాని రోజుల్లో, కనీసం ఒక పేజీ దొరుకుతుంది. ఆ పని మీ సొంత వెబ్‌సైట్‌లో ఒక పేజీ పెట్టుకున్నా జరుగుతుంది. పైగా అక్కడ తప్పు దిద్దుకోవచ్చు.

తప్పు అంటే నాకు ఒకటి బాగా గుర్తుంది. ఒక సంగీత పాఠశాల వార్షికోత్సవానికి రాసిన నోట్‌ను ఉచిత సైట్‌లో పెట్టేటప్పుడు 12వ తేదీ బదులు 21 అని కొట్టాను. మరుసటి రోజు చూసుకున్నా, దిద్దే వీలు లేదు. తీసెయ్యమని నాలుగు మెయిళ్లు పెట్టినా జవాబు లేదు. 21న ఇద్దరు తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకొని తాళం వేసిన హాలు దగ్గరికి వచ్చారని తెలిసి ఆ రాత్రి అన్నం సహించలేదు. ఉచితం అంటే అవతల బాధ్యత పడే మనిషి ఉండడని ఆ రోజు అర్థమైంది. ఆ మనిషికి జీతం ఎవరో ఒకరు ఇవ్వాలి కదా. పీఆర్‌వెబ్ కూడా 1997లో ఉచితంగానే మొదలై, తర్వాత డబ్బు తీసుకునే సంస్థగా మారింది.

ఇక డబ్బు కట్టే దారి. ఇందులో రెండు వేరువేరు సరుకులు ఒకే పేరుతో అమ్ముడవుతున్నాయి, జాగ్రత్తగా చూడాల్సింది ఇదే. మొదటిది అసలు వైర్, అంటే నోట్‌ను నేరుగా న్యూస్‌రూమ్‌లకు చేర్చే సంస్థ. బిజినెస్ వైర్, పీఆర్ న్యూస్‌వైర్ లాంటివి. వీళ్ల లెక్క మామూలుగా 400 పదాలకు ఒక ధర, ఆపైన ప్రతి 100 పదాలకు ఇంత అని ఉంటుంది. ఏ దేశానికి, ఏ ప్రాంతానికి వెళ్లాలో మనమే ఎంచుకోవాలి, దాన్నిబట్టి ధర మారుతుంది. పంపే ముందు వాళ్ల మనిషి నోట్ చదువుతాడు, మీరు నిజంగా ఆ సంస్థ తరఫువాళ్లేనా అని రుజువు అడుగుతాడు. ఆ అడగడం కొందరికి విసుగ్గా ఉంటుంది. అది ఎందుకు కావాలో 2000 ఆగస్టు 25న తెలిసింది. ఇంటర్నెట్ వైర్ అనే పంపిణీ సంస్థ ద్వారా ఎమ్యులెక్స్ కంపెనీ పేరుతో ఒక దొంగ ప్రకటన బయటికి వెళ్లింది. రాసింది ఆ పంపిణీ సంస్థలో అంతకుముందు పనిచేసిన కుర్రాడే. కొద్ది సేపట్లో కంపెనీ షేరు 113 డాలర్ల నుంచి 43కు పడిపోయింది. డబ్బు తీసుకునే చోటే తనిఖీ జారితే అంత నష్టం జరిగిందంటే, తనిఖీ అన్నదే లేని చోట ఉన్న నోట్‌ను విలేకరి ఎందుకు నమ్మాలి?

రెండో సరుకు అక్కకు వచ్చిన "రెండొందల వెబ్‌సైట్ల" ప్యాకేజీ. ఇట్లాంటిది నాలుగేళ్ల కింద ఒక పళ్ల డాక్టరుగారు నా మాట వినకముందే కొనేశారు. వారం తర్వాత ఒక ఎక్సెల్ షీట్ వచ్చింది, అందులో 214 లింకులు. సాయంత్రం ఓపీ అయిపోయాక ఆయన, నేను కూర్చొని ఒక్కోటి తెరిచాం. మొదటి ముప్పై చూసేసరికే తెలిసిపోయింది. అన్నిట్లో అదే హెడ్డింగ్, అదే ఫొటో, ఒక కామా కూడా తేడా లేదు. పేరున్న పోర్టల్ ఒకటి కనబడితే డాక్టరుగారి ముఖం విప్పారింది. ఆ పోర్టల్ హోమ్ పేజీకి వెళ్లి వెతకమన్నాను. హెల్త్ పేజీలో లేదు, ఆంధ్ర పేజీలో లేదు. లింకు పట్టుకొని వెళ్తే తప్ప ఆ పేజీకి దారే లేదు. అడుగున సన్న అక్షరాల్లో ఇందులోని విషయానికి మాకు సంబంధం లేదని రాసి ఉంది. "అయితే దీన్ని ఎవరు చూస్తారు?" అన్నారాయన. మనిద్దరం చూశాం సార్, అన్నాను. ఏడాది తర్వాత మళ్లీ తెరిస్తే సగానికి పైగా లింకులు పనిచేయలేదు.

సన్న అక్షరాల మాట తప్పు పట్టడానికి చెప్పడం లేదు. పీటీఐ, ఏఎన్ఐ లాంటి పెద్ద వార్తా ఏజెన్సీలు కూడా డబ్బు తీసుకొని వేసే ప్రెస్ రిలీజులకు, విషయానికి బాధ్యత మాది కాదని స్పష్టంగా రాస్తాయి. అట్లా రాయడమే న్యాయం, చదివేవాళ్లకు తెలియాలి. నా బాధంతా అమ్మేటప్పుడు ఆ మాట చెప్పకుండా "ఫలానా పోర్టల్‌లో మీ వార్త" అని చెప్పడం మీదే.

ఈ ప్యాకేజీలు అమ్మేవాళ్ల ఇంకో మాట, లింకులు పెరిగితే గూగుల్‌లో పైకి వస్తారని. ఇది పాతబడిన మాట. ప్రెస్ రిలీజుల్లో ర్యాంకు కోసం కూర్చిన లింకులను గూగుల్ 2013లోనే తన నిబంధనల్లో తప్పు కింద చేర్చింది. డబ్బు ఇచ్చి పెట్టించిన లింకుకు ఆ గుర్తు వేయాలని 2019లో ప్రత్యేకంగా ఒక ట్యాగ్ కూడా తెచ్చింది. ఒకే నోట్ 200 చోట్ల ఉంటే వెతికేవాడికి 200 సార్లు కనబడదు, గూగుల్ వాటిలో ఒకటో రెండో చూపించి మిగతావి పక్కన పెడుతుంది.

ధర దగ్గర ఒక చిన్న లెక్క. ఈ సేవల మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న సంఘాలకు అది తిరిగి రాదు, పూర్తిగా చేతి ఖర్చే. అచ్చు పత్రికలో యాడ్ కోసం కొనే జాగాకు 5 శాతమే. విదేశీ సంస్థ అయితే కార్డు మీద డాలర్లలో పోతుంది, బ్యాంకు మార్పిడి ఖర్చు అదనం.

మరి డబ్బు కట్టడం ఎవరికి తగును? చిత్తూరులో ఒక పల్ప్ ఫ్యాక్టరీకి నేనే దగ్గరుండి అసలు వైర్ ద్వారా పంపించాను. వాళ్ల తోతాపురి పల్ప్ కొనేవాళ్లు గల్ఫ్‌లో, యూరప్‌లో ఉంటారు. కొత్త ప్యాకింగ్ లైన్ పెట్టిన సంగతి చిత్తూరు జిల్లా పేజీలో వస్తే ఊళ్లో పరపతి పెరుగుతుంది, బేరం పెరగదు. వైర్‌లో పోయిన ఇంగ్లిష్ నోట్ ఫుడ్ ట్రేడ్ పత్రికల వాళ్ల కంట పడింది, ఒకరు ఫోన్ చేసి కెపాసిటీ ఎంత, సీజన్ ఎన్ని రోజులు అని అడిగి సొంతంగా రాసుకున్నారు. ఆ ఒక్క ఫోన్ కోసమే ఆ ఖర్చు. శ్రీసిటీలోనో రేణిగుంటలోనో బయటి పెట్టుబడితో నడిచే కంపెనీలకు, షేర్ మార్కెట్లో ఉన్నవాళ్లకు కూడా ఇదే దారి. వాళ్లకు ఒకే నిమిషంలో అందరికీ ఒకే మాట చేరడం ముఖ్యం.

గిరాకీ అంతా అలిపిరికి, రేణిగుంటకు మధ్య ఉన్నవాళ్ల సంగతి వేరు. ఒక బడి, ఒక క్లినిక్, ఒక చీరల దుకాణం. వీళ్లకు ఉచిత సైటూ వద్దు, ప్యాకేజీ అసలే వద్దు. స్ట్రింగర్, అంటే ఊళ్లో ఉండి పత్రికకు వార్తలు పంపే విలేకరి, చాలు. జిల్లా ఎడిషన్‌లో సింగిల్ కాలం వచ్చినా తెల్లారి ఆరింటికి టీ అంగడి దగ్గర నలుగురు చదువుతారు. ఆ కటింగ్ వాట్సాప్‌లో మధ్యాహ్నానికి వీధంతా తిరుగుతుంది. ఈ దారి కూడా పూర్తిగా ఉచితం కాదని ఒప్పుకోవాలి. "నోట్ వేశాం కదా, ఆగస్టు 15కు యాడ్ ఇవ్వండి" అనే ఫోన్ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఆ విలేకరి నెత్తిన యాడ్ టార్గెట్ ఉంటుంది, అతన్ని తిట్టి లాభం లేదు. ఇవ్వగలిగితే ఇవ్వండి, లేకపోతే మర్యాదగా ఈసారి కాదని చెప్పండి. నిజంగా వార్త ఉన్న నోట్ అయితే యాడ్ ఇవ్వకపోయినా వేసినవాళ్లను నేను చాలామందిని చూశాను.

విలేకరికి ఇచ్చేటప్పుడు చాలామంది చేసే పొరపాటు, డీటీపీ అంగడిలో అను ఫాంట్‌లో కొట్టించి, సంస్థ లెటర్‌హెడ్ మీద ప్రింట్ తీసి, దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపడం. మండలంలో ఉండే విలేకరి ఆ రోజుకు పది వార్తలు ఫోన్లోనే కొట్టి పంపాలి. మీ ఫొటో చూసి మళ్లీ మొదటి నుంచి కొట్టే ఓపిక అతనికి ఉండదు. అదే నోట్‌ను ఫోన్ కీబోర్డుతో, ఏ ఫోన్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో కొట్టి మెసేజ్‌గా పెడితే, వేలు పెట్టి కాపీ చేసుకుంటాడు. నూట యాభై పదాలు, ఒక ఫొటో, ఫొటోలో ఎడమ నుంచి ఎవరెవరో పేర్లు. సాయంత్రం నాలుగు లోపల. ఇంకో జాగ్రత్త: 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరైంది. పలమనేరు, కుప్పం వార్త తిరుపతి విలేకరికి పంపితే అతనికి అది పక్క జిల్లా సంగతి. ఆ సరిహద్దు తెలియక పోగొట్టుకున్న నోట్లు నావే రెండు ఉన్నాయి.

అక్కకు నేను చెప్పింది ఇది. తొమ్మిది వేలు కట్టొద్దు. ఉచిత సైట్ మీద ఒక గంట కూడా పెట్టొద్దు. ఆమె రాసుకున్న నోట్ "మా బృందం ఏర్పాటైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం" అని మొదలైంది. దాన్ని పక్కన పెట్టి, గుడ్డ ఎట్లా చేస్తారో చెప్పమన్నాను. కరక్కాయ కలిపిన పాలలో గుడ్డ ముంచడం, వెదురు కలంతో చేత్తో గీయడం, స్వర్ణముఖిలో పారే నీళ్లు లేక ఎండాకాలంలో ఉతకడానికి పడే తిప్పలు, దళారికి ఎంతకు ఇచ్చేవాళ్లో ఇప్పుడు ఎంతకు అమ్ముతున్నారో. ఆమె చెప్తా ఉంటే నేను రాసుకున్నా. నీళ్ల సంగతి మొదటి వాక్యంగా పెట్టాం. తెలుగు నోట్ కాళహస్తి విలేకరులకు, ఇంగ్లిష్ నోట్ చేనేత గురించి రాసే ఇద్దరు ముగ్గురికి పేరు పెట్టి మెయిల్.

ఎప్పుడు పంపాలని అడిగింది. బ్రహ్మోత్సవాల వారం వద్దన్నాను, అప్పుడు జిల్లా పేజీల్లో తిరుమల తప్ప ఇంకోదానికి చోటుండదు. శివరాత్రి ముందు కాళహస్తిలోనూ అంతే. మధ్యలో ఖాళీగా ఉండే ఒక మంగళవారం చూసుకొని, పొద్దున పదకొండుకు పంపమన్నాను. తొమ్మిది వేలలో రెండు వేలు పెట్టి చీరలకు పగటి వెలుతురులో మంచి ఫొటోలు తీయించుకోమన్నాను.