పెద్ద పిస్టన్ ఫ్యూయల్ పంపు: వాడి చూశాక

నా రెండు లీటర్ల టర్బో ఇంజిన్‌లో బూస్ట్ (టర్బో లోపలికి నెట్టే గాలి ఒత్తిడి) పెంచడం పెద్ద పనేం కాదు. దానికి తగ్గ పెట్రోలు అందించడమే అసలు తలనొప్పి. నాది డైరెక్ట్ ఇంజెక్షన్, అంటే పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్మేది. అది అక్కడే ఆవిరై గాలిని చల్లబరుస్తుంది, నాకింగ్ (మిశ్రమం వేళ కాకుండా తనంతట తానే మండడం) తగ్గుతుంది. ఆ మేలు నిజమే. కానీ 6000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ ఒక చుట్టు తిరగడానికి పట్టేది 10 మిల్లీసెకన్లే. ఇన్‌టేక్, కంప్రెషన్ స్ట్రోకులు రెండూ కలిపి అంతే. కావలసిన పెట్రోలంతా ఆలోపే పడిపోవాలి.

పాత పంపుతో లాగ్ (ఇంజిన్ రీడింగుల రికార్డు) తీస్తే, ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) 200 బార్ అడుగుతుంటే రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టంలోని ఒత్తిడి) ఆర్‌పీఎం పైకి వెళ్లేకొద్దీ జారిపోయేది, మిశ్రమం లీన్ అయ్యేది, అంటే అందులో పెట్రోలు తగ్గేది. ఈ పెద్ద పిస్టన్ పంపు పెట్టాక ఆ ప్రెషర్ గీత రెడ్‌లైన్ (గరిష్ఠ ఆర్‌పీఎం) దాకా టార్గెట్‌ను వదల్లేదు. ఆ గ్రాఫ్ చూస్తే ప్రాణం లేచొచ్చింది.

బిగించేటప్పుడు క్యామ్ ఫాలోవర్‌ను (క్యామ్ కదలికను పంపుకు అందించే ముక్క) తప్పక తీసి చూడండి. అరిగినదాని మీద కొత్త పంపు పెట్టొద్దు, దాని మీద లోడు ఇంకా పెరుగుతుంది. ట్యూన్ (ఈసీయూ సెట్టింగులు) కూడా మార్చాలి. ఐడిల్‌లో టకటక కాస్త ఎక్కువైంది, నాకైతే పర్వాలేదు.

ఈ85 (85 శాతం దాకా ఇథనాల్ కలిసిన ఇంధనం) పోసే ఆలోచనుంటే మాత్రం ఇదొక్కటే చాలదు. పరిమాణంలో దాదాపు 30 శాతం పైనే ఎక్కువ ఇంధనం కావాలి, ట్యాంకులోని పంపూ ఇంజెక్టర్లూ దానికి ఆగాలి. అలాంటివాళ్లు అదనంగా పోర్ట్ ఇంజెక్షన్ (ఇన్‌టేక్ వాల్వుల ముందే ఇంధనం చిమ్మేది) పెట్టించుకోవడమే మేలు, ఇన్‌టేక్ వాల్వుల మీద కార్బన్ పేరుకోవడమూ తగ్గుతుంది.