కంటిన్యువమ్ టీవీలో వచ్చేదాకా ఆగడం: రికార్డర్‌లోని పేరు సెర్చ్ మీద సమీక్ష

కంటిన్యువమ్ లాంటి, నేరుగా డిస్క్ మీదే విడుదలైన సైన్స్ ఫిక్షన్ సినిమాని కొనకుండా టీవీలో వేసేదాకా ఆగాలనుకునేవాళ్ళకి మొదటి చిక్కు తేదీ. అది ఎవరూ ముందుగా చెప్పరు. అమెరికా కేబుల్ కనెక్షన్‌కి తగిలించుకునే కొన్ని డిజిటల్ రికార్డర్లలో దీనికో మందు ఉంది. గైడ్‌లో, అంటే తెర మీద వచ్చే కార్యక్రమాల పట్టికలో, ఇంకా లేని సినిమా పేరు కూడా ఇచ్చి వదిలేయొచ్చు. నెలలు గడవనీ, ఏడాది దాటనీ, ఆ పేరు గైడ్‌లో తగిలిన రోజున పెట్టె దానంతట అదే రికార్డ్ చేసి ఉంచుతుంది. హార్డ్ డిస్క్ ఎంత, ట్యూనర్లు ఎన్ని అన్నవి పెట్టె డబ్బా మీదే రాసుంటాయి, వాటి జోలికి పోను. ఏళ్ళ తరబడి వాడాక కూడా ఆ పెట్టెలో నాకు నిజంగా ముద్దొచ్చింది ఈ సెర్చ్ ఒక్కటే. ఒకసారి ఏడిపించిందీ అదే.

తేదీలు ఎంత అస్తవ్యస్తంగా ఉంటాయో చూడండి. స్టార్‌గేట్ సీరియల్ ముగిశాక దానికి కొనసాగింపుగా తీసిన రెండు సినిమాల్లో మొదటిది, ది ఆర్క్ ఆఫ్ ట్రూత్, అమెరికాలో 2008 మార్చి 11న డీవీడీగా వచ్చింది. బ్రిటన్‌లో మార్చి 24నే స్కై వన్‌లో వేసేశారు, అక్కడి డిస్క్ ఏప్రిల్ 28కి గానీ రాలేదు. అంటే అక్కడ టీవీ కోసం ఆగినవాళ్ళే ముందు చూశారు! అమెరికా కేబుల్ ప్రేక్షకులకి మాత్రం అది 2009లోనే దక్కింది. రెండోది కంటిన్యువమ్, డిస్క్ తేదీ 2008 జూలై 29. బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా అనే ఇంకో సైన్స్ ఫిక్షన్ సీరియల్ వాళ్ళ సినిమా ది ప్లాన్ 2009 అక్టోబర్ 27న డిస్క్ మీద, 2010 జనవరి 10న సైఫై చానెల్లో. మూడు నెలలు కూడా పట్టలేదు. అదే కుటుంబంలోని కాప్రికా సీరియల్ పైలట్‌కి (మొదటి ఎపిసోడ్‌కి) 2009 ఏప్రిల్ 21 నుంచి 2010 జనవరి 22 దాకా తొమ్మిది నెలలు. ఇందులో లెక్క ఏదైనా దొరుకుతుందేమోనని వెతకడం దండగ. అందుకే సెర్చ్.

దాన్ని పెట్టే పద్ధతి తేలికే కానీ మెలికలున్నాయి. పేరు మొత్తం కొట్టకండి. స్టార్‌గేట్: కంటిన్యువమ్ అన్న పూర్తి పేరులో స్టార్‌గేట్ తర్వాత వచ్చే రెండు చుక్కలు ఒక గైడ్‌లో ఉంటాయి, ఇంకో దాంట్లో ఉండవు, మరోచోట వాటి బదులు చిన్న గీత ఉంటుంది. పూర్తి పేరుతో పెట్టిన సెర్చ్ ఆ ఒక్క గుర్తు తేడాకే సినిమాని దాటేసి పోవచ్చు. కాబట్టి పేరులో అరుదైన మాట ఒక్కటే ఇవ్వాలి: కంటిన్యువమ్. ది ప్లాన్ లాంటి పేర్లకి ఈ ఉపాయం పారదు, గైడ్‌లో ప్లాన్ అన్న మాట లేని రోజుండదు. అలాంటప్పుడు పేరుకి తోడు నటుడి పేరో దర్శకుడి పేరో జోడించాలి. ది ప్లాన్‌కి దర్శకుడు ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్, ఆ ఇంటిపేరు చేరిస్తే మిగతా చెత్త రాలిపోతుంది. తర్వాత హెచ్‌డీ చానెళ్ళు మాత్రమే అని పెట్టుకోండి, లేకపోతే ముందు తగిలిన మామూలు చానెల్ కాపీనే పట్టుకుని పని అయిపోయిందనుకుంటుంది. చివర్లో అయిదు నుంచి పది నిమిషాలు అదనంగా రికార్డ్ చేయమనండి. అర్ధరాత్రి దాటాక వేసే పునఃప్రసారాలు గైడ్‌లోని నిమిషానికి మొదలవ్వాలని రూలేమీ లేదు, ముందు కార్యక్రమం ఆలస్యంగా ముగిస్తే మన సినిమా ముగింపు తెగుతుంది. ఇవన్నీ ఒక్కసారి చేస్తే చాలు. పొద్దున లేచి చూస్తే తెల్లవారుజామున రెండు గంటల ప్రసారం నీటుగా జాబితాలో కూర్చుని ఉంటుంది. ఈ సుఖం ముందు కేబుల్ బిల్లు కూడా కాసేపు గుర్తుకు రాదు.

గైడ్‌లో ప్రసారం కనిపించగానే ఇంకొకటి చూసుకోవాలి: స్లాట్ నిడివి, అంటే ప్రకటనలతో కలిపి దానికి కేటాయించిన సమయం. సినిమాని కోశారో లేదో ప్రసారానికి ముందే చెప్పేది అదే. అమెరికా మామూలు కేబుల్ చానెళ్ళలో గంటకి కార్యక్రమం నలభై రెండు, నలభై నాలుగు నిమిషాలు, మిగతాది ప్రకటనలు. రెండు గంటల స్లాట్‌లో పట్టేది 84 నుంచి 88 నిమిషాలు, రెండున్నర గంటల్లో 105 నుంచి 110. ఈ స్టార్‌గేట్ సినిమాలు వంద నిమిషాలకి అటూ ఇటూ. రెండున్నర గంటలు ఇచ్చారంటే ధైర్యంగా చూడొచ్చు. రెండే గంటలైతే పన్నెండు నుంచి పదహారు నిమిషాలు ఎక్కడో పోయినట్టే. ముందు చివరి పేర్లని మూలకి నొక్కేసి పరిగెత్తిస్తారు, అది చాలకపోతే సన్నివేశాల మీదికి వస్తారు. ప్రకటనల కోసం రాయని సినిమా కావడంతో విరామాలు కూడా ఎక్కడ పడితే అక్కడ పడతాయి, మాట మధ్యలో సబ్బు బిళ్ళ దిగుతుంది.

ఇక ఏడిపించిన సంగతి. కంటిన్యువమ్ అనే ఒక్క మాట సెర్చ్ సినిమాని చక్కగా పట్టింది, రెండున్నర గంటల స్లాట్, హెచ్‌డీ. దాన్ని జాబితాలో అలాగే ఉంచాను, సెర్చ్‌ని కూడా. తీరా 2012లో కెనడాలో అదే పేరుతో వేరే సీరియల్ మొదలైంది. స్టార్‌గేట్‌తో సంబంధం లేదు, అదీ కాలప్రయాణం కథే. 2013 జనవరి నుంచి అది అమెరికాలో సైఫైలో కూడా రావడం మొదలెట్టింది. సెర్చ్‌కి సినిమా ఏది సీరియల్ ఏది అన్న విచక్షణ లేదు, పేరు కలిసింది కాబట్టి వచ్చిన ఎపిసోడ్‌నల్లా పట్టడం మొదలుపెట్టింది. సీరియళ్ళ రికార్డింగ్‌లో ఉండే కొత్తవి మాత్రమే అన్న ఎంపిక ఈ రకం సెర్చ్‌లో పనిచెయ్యలేదు, దాంతో రిపీట్లు కూడా వచ్చిపడ్డాయి. హెచ్‌డీలో గంటకి దాదాపు 6 జీబీ లెక్కేసుకోండి. మొదటి సీజన్ పది ఎపిసోడ్లకే 60 జీబీ. అప్పటికే సగం పైగా నిండిన డిస్క్ అంచుదాకా వచ్చింది.

అసలు దెబ్బ ఇక్కడ. ఈ పెట్టెలో ప్రతి రికార్డింగ్‌కీ మొదట్లో ఉండే సెట్టింగు, చోటు కావలసి వచ్చేదాకా ఉంచు. చోటు కావలసి వస్తే ఏది పోతుంది? అన్నిటికన్నా పాతది. జాబితాలో అన్నిటికన్నా పాతది ఏది? ఆ సినిమాయే. అంటే సినిమా కోసం పెట్టిన సెర్చ్ తన పేరుగల సీరియల్‌ని తెచ్చిపోసి, ఆ బరువుతో సినిమాని బయటికి తోసేసింది. సందేశం లేదు, హెచ్చరిక లేదు. ఈమధ్య తీసేసినవన్నీ ఉండే ఫోల్డర్ ఒకటుంది, అందులోనూ లేదు. చోటు చాలనప్పుడు పెట్టె మొదట ఖాళీ చేసేది ఆ ఫోల్డర్‌నే కాబట్టి అందులో ఉండే అవకాశమే లేదు. తర్వాత ఎప్పుడో మళ్ళీ వేసినప్పుడు సెర్చ్ నమ్మకంగా దాన్ని పట్టింది. ఆ ప్రసారం రెండు గంటల స్లాట్.

దీనికి విరుగుడు రెండు చోట్ల ఉంది. ఒకటి, రికార్డ్ అయిన సినిమాని తెరిచి, నేను తీసేసేదాకా ఉంచు అని మార్చడం. సెర్చ్ పెట్టేటప్పుడే ఆ ఎంపిక ఉంటుంది కానీ మూడో తెర అడుగున, ఆప్షన్ల వెనక ఎక్కడో. రెండోది, సెర్చ్‌ని సినిమాలు అన్న విభాగానికే పరిమితం చేయడం. ఇది పెడితే సీరియళ్ళ బెడద పూర్తిగా పోతుంది.

పోతుంది కానీ, ఫ్యూచురామా సినిమాలు కూడా పోతాయి. ఆ కార్టూన్ సీరియల్ ఆగిపోయాక నాలుగు సినిమాలు డిస్క్ మీద తెచ్చారు. మొదటిది బెండర్స్ బిగ్ స్కోర్, 2007 నవంబర్ 27. వీటిని అమెరికా కేబుల్ చానెల్ కామెడీ సెంట్రల్‌లో సినిమాలుగా వెయ్యలేదు. ఒక్కోదాన్ని 22 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు చేసి, మొత్తం పదహారు ఎపిసోడ్లని అయిదో సీజన్ చేశారు. మొదటి సినిమా ముక్కలు 2008 మార్చి 23న, ఆఖరిదైన ఇంటు ద వైల్డ్ గ్రీన్ యాండర్ ముక్కలు 2009 ఆగస్టు 30న వచ్చాయి. గైడ్‌లో పేరు ఫ్యూచురామా, విభాగం సీరియల్. సినిమా పేరు ఎపిసోడ్ పేరు గడిలో, పక్కన భాగం సంఖ్యతో ఉంటుంది. సినిమాలు మాత్రమే అని పెట్టిన సెర్చ్ వీటిని కన్నెత్తి చూడదు. విభాగం వదిలేసి పేరు సెర్చ్ పెట్టినా కొన్ని పెట్టెల్లో అది పెద్ద పేరు గడినే వెతుకుతుంది, ఎపిసోడ్ గడిని కాదు. అందుకని వీటికి ఎపిసోడ్ గడిని కూడా వెతికే కీవర్డ్ సెర్చే వాడాలి.

ముక్కలతో ఇంకో పేచీ ఉంది. ఒకే ఎపిసోడ్‌ని మళ్ళీ మళ్ళీ పట్టకుండా పెట్టె ఒక లెక్క పెట్టుకుంటుంది, ఒకసారి రికార్డ్ చేసినదాన్ని దాదాపు నెలపాటు మళ్ళీ ముట్టదు. మంచి రూలే. అయితే రెండో భాగం వస్తున్నప్పుడు సిగ్నల్ పోయి సగమే రికార్డ్ అయినా దాని దృష్టిలో అది అయిపోయిన పనే. వారంలో మళ్ళీ వేసినా పట్టదు. ఒకటి, మూడు, నాలుగు చేతిలో పెట్టి రెండోదానికి నెల ఆగమంటుంది. ఆ ఒక్క భాగాన్ని గైడ్‌లోకి వెళ్ళి చేత్తో ఎంచుకుంటే ఈ అడ్డు ఉండదు.

చిత్రమేమిటంటే, ఆగినందుకు టీవీలో నష్టపోనివి ఈ ఫ్యూచురామా ముక్కలే. తర్వాత నాలుగుగా కోస్తారని తెలిసే రాసిన కథలు కావడంతో కోత సరైన చోట పడుతుంది. ఎపిసోడ్ ముగింపు ఎపిసోడ్ ముగింపులాగే ఉంటుంది. స్టార్‌గేట్‌కి ఆ అదృష్టం లేదు. ది ప్లాన్ సంగతి మరీ వేరు, డిస్క్ మీద ఉన్నది రేటింగ్ లేని కాపీ. టీవీలో అందులోని నగ్న దృశ్యాలు ఉండవు. కథకి వాటి లోటు లేదు గానీ, కోసిందే చూస్తున్నామన్న సంగతి తెలిసి చూడాలి.

బొమ్మ గురించి ఒక మాట. కంటిన్యువమ్‌లో ఆర్కిటిక్ సన్నివేశాలు సెట్ కాదు, 2007 మార్చిలో నిజంగానే మంచు మీదికి వెళ్ళి, అమెరికా నౌకాదళపు జలాంతర్గామి అలెగ్జాండ్రియా సహకారంతో తీశారు. సినిమా ఊరంతా చెప్పుకున్నది ఆ మంచు గురించే. కేబుల్ ప్రసారంలో దెబ్బతినేదీ ఆ మంచే. తెర నిండా తెలుపు, అందులో కొద్దికొద్దిగా మారే ఛాయలు, పైన ఎగిరే మంచు పొడి: తక్కువ బిట్‌రేట్‌కి, అంటే సెకనుకి పంపే సమాచారం తక్కువైనప్పుడు, ఇంతకన్నా కష్టమైన బొమ్మ లేదు. ఆకాశంలో మెట్లుమెట్లుగా చారలు వస్తాయి, పొడి ఎగిరినచోట గళ్ళు లేస్తాయి. అదే సినిమా బ్లూ-రేలో ఇవేవీ ఉండవు. బ్రిటన్‌లో చూసేవాళ్ళకి ఇంకో తేడా కూడా ఉంది. సెకనుకి 24 ఫ్రేములవి అక్కడ 25తో నడుస్తాయి కాబట్టి వంద నిమిషాల సినిమా 96 నిమిషాల్లో అయిపోతుంది. ఎవరూ ఏమీ కొయ్యలేదు, గొంతులు మాత్రం ఇసుమంత సన్నబడతాయి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్ళకి ఈ బేరం ఇలాగే కుదరదు. డీవీడీలకి దేశాల వారీగా రీజియన్ తాళం ఉంటుంది: అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన డీవీడీ రీజియన్ 1, మన ప్లేయర్లు రీజియన్ 5. లాక్ తీసిన ప్లేయర్ లేకపోతే అది అలంకారానికే. టీవీ కోసం ఆగుదామంటే, మన దగ్గర చానెల్లో సినిమా వెయ్యాలంటే సెన్సార్ బోర్డు యు గానీ యు/ఏ గానీ ఇచ్చి ఉండాలి. థియేటర్ మొహం చూడని విదేశీ సినిమాకి ఆ కాగితం సిద్ధంగా ఉండదు, ఎవరో ఒకరు పూనుకుని తెచ్చుకోవాలి. ప్రకటనలకి గంటకి పన్నెండు నిమిషాలని నిబంధన ఉంది కాబట్టి కాగితం మీద మన రెండు గంటల స్లాట్‌లో 96 నిమిషాలు పట్టాలి. అమెరికా లెక్కని ఇక్కడ వాడకండి. డీటీహెచ్ రికార్డర్ ఉన్నా, దానికి బయటి డ్రైవ్ తగిలించుకున్నా, అందులోకి ఎక్కినది ఆ పెట్టెకే తాళం. డ్రైవ్ తీసి ఇంకోచోట పెడితే తెరుచుకోదు. అమెరికా పెట్టెల్లో కూడా చాలా కేబుల్ చానెళ్ళ రికార్డింగులకి ఇదే గతి, కాబట్టి డిస్క్ చెడిపోతే దాచుకున్నవన్నీ దాంతోపాటే.

ఇవన్నీ కలిపి నా తీర్పు నాకు పనికొచ్చేదే. మా ఇంట్లో కేబుల్ వేరే వాళ్ళ కోసం ఎలాగూ ఉంది, పెట్టెకి విడిగా కట్టేదేమీ లేదు, కాబట్టి ఫ్యూచురామా నాలుగింటికీ ఆగడమే లాభం. ఆర్క్ ఆఫ్ ట్రూత్ రెండున్నర గంటల స్లాట్ దొరికితే టీవీ చాలు. కంటిన్యువమ్‌కి మాత్రం, పెద్ద తెర ఉంటే బ్లూ-రే కొనేయండి. చిన్న తెర మీద, కూర దించుకుంటూ చూసే ఇళ్ళకి ఆ చారలు పట్టవు. కేబుల్‌లో హెచ్‌డీ లేకపోతే, లేదా ఈ సెర్చ్ కోసమే కొత్తగా నెలవారీ చందా కట్టాలంటే, రెండు మూడు నెలల చందా పెట్టే ముందు పాత డిస్క్ ధర ఎంతుందో ఒకసారి చూసుకోండి.