మహాబలేశ్వరం స్ట్రాబెర్రీ పెట్టె: కొనడం, దాచడం, కుండీలో పెంచడం

ముందే చెప్పేస్తా. చలికాలంలో హైదరాబాద్‌కి వచ్చే మహాబలేశ్వరం స్ట్రాబెర్రీ కొనదగిన పండే. ఎప్పుడు కొంటున్నాం, ఏ పెట్టె తీస్తున్నాం అన్నదే అసలు సంగతి. "స్ట్రాబెర్రీలా, ఉత్త పులుపండీ, కేకు మీద పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరావు" అనేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు, వాళ్ల మాటలో అబద్ధం కూడా లేదు, ఎందుకంటే డిసెంబరు మొదట్లో సూపర్‌మార్కెట్ ఫ్రిజ్‌లోంచి తీసిన పెట్టె రుచి అలాగే ఉంటుంది. అదే పండు జనవరి చివర్లో, చూసి ఎంచుకుని తెస్తే, వాళ్లే గిన్నె ముందు నుంచి లేవరు.

ఈ తేడా ఎందుకో తెలిస్తే డబ్బు వృథా కాదు. మామిడి, సపోటా, సీతాఫలం లాంటివి కాస్త గట్టిగా ఉన్నా ఇంటికి తెచ్చి మగ్గబెట్టుకుంటాం. స్ట్రాబెర్రీ మగ్గదు. ద్రాక్షలాగే చెట్టు మీద ఎంత తీపి ఎక్కిందో అంతే, కోశాక రంగు కొంచెం ముదురుతుంది గానీ తీపి పెరగదు. మహాబలేశ్వరం, పంచ్‌గని మహారాష్ట్రలోని సతారా జిల్లాలో కొండల మీద ఉన్నాయి, మహాబలేశ్వరం 1,350 మీటర్ల ఎత్తు దాకా ఉంటుంది. మన దేశంలో పండే స్ట్రాబెర్రీలో 80 శాతం పైనే ఆ చుట్టుపక్కల పండేదే, 2010లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. అక్కడి నుంచి ఇంత దూరం రావాలంటే పూర్తిగా పండిన కాయ దారిలోనే చితికిపోతుంది కదా, అందుకని దూరపు మార్కెట్లకి పంపేవి ముప్పావు వంతు ఎర్రబడగానే కోసేస్తారు. పులుపు అక్కడే మొదలవుతుంది. రైతుని గానీ అమ్మేవాడిని గానీ అనడానికి లేదు, ఆ పండు తత్వమే అంత.

కాబట్టి పెట్టె చేతిలోకి తీసుకున్నాక నేను చూసేది ముచ్చిక కింద. ఆకుపచ్చ ముచ్చిక ఆనుకుని ఉన్న భాగం తెల్లగా ఉంటే ఆ కాయ పుల్లనే, కింద ఎంత ఎర్రగా నిగనిగలాడినా సరే. తర్వాత పెట్టెని తిరగేసి అడుగు చూడాలి. పై వరసలో ఎప్పుడూ మంచి కాయలే కనిపిస్తాయి, అడుగున ప్లాస్టిక్‌కి రసం అంటుకుని ఉందంటే ఒకటో రెండో చితికినట్టే, తెల్లారేసరికి బూజు పక్కవాటికి పాకుతుంది. పెట్టెకి చిల్లులు ఉంటాయి కాబట్టి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి, పండిన స్ట్రాబెర్రీ వాసన దాచినా దాగదు. ఏ వాసనా రాలేదంటే రుచి కూడా అంతే. సైజు చూసి మోసపోవద్దు. పెద్ద కాయల లోపల చాలాసార్లు తెల్లగా, కాస్త డొల్లగా ఉంటుంది, నాకు నచ్చేవి బొటనవేలి కొసంత ఉండే మధ్యరకం కాయలు. తెలిసిన పండ్ల దుకాణం ఉంటే రకం అడగండి. స్వీట్ చార్లీ మెత్తగా, తియ్యగా ఉంటుంది, కామరోసా గట్టిగా ఉండి ప్రయాణానికి ఆగుతుంది, వింటర్ డాన్ ఈమధ్య బాగా వస్తోంది. చాలామంది అమ్మేవాళ్లకి తెలియదు, అయినా అడిగితే పోయేదేముంది.

పది నిమిషాల్లో ఇంటికి తెచ్చిచ్చే యాప్‌ల మీద మాత్రం నాకు కోపమే. నేను వాడే యాప్‌లో (పేరు ఎందుకులెండి) వచ్చిన పెట్టెలో అడుగు వరసంతా బూజు. డబ్బులు వెనక్కి వేశారు, కాదనను. కానీ ముట్టుకోకుండా, వాసన చూడకుండా కొనాల్సిన పండు కాదిది. మరీ తప్పకపోతే డెలివరీ అబ్బాయి ఉండగానే తిరగేసి చూసుకోండి.

ఇంటికి తెచ్చాక కడగొద్దు. ఇదొక్కటి గట్టిగా చెప్తున్నా, ఎందుకంటే మనకి ఏ పండు తెచ్చినా ముందు కుళాయి కింద పెట్టడం అలవాటు. తడి తగిలిన స్ట్రాబెర్రీ ఫ్రిజ్‌లో ఒక్కరోజుకే మెత్తబడుతుంది. చితికినవి ఏరేసి, వెడల్పాటి డబ్బాలో టిష్యూ పేపర్ పరిచి ఒకే వరసలో పెట్టి, మూత కాస్త వదులుగా ఉంచితే రెండు మూడు రోజులు నిక్షేపంగా ఉంటాయి. తినేముందు ముచ్చిక తీయకుండానే కడగాలి, తీసి కడిగితే లోపలికి నీళ్లు పోయి చప్పబడతాయి.

ఇక కుండీల సంగతి. ఆన్‌లైన్‌లో విత్తనాల ప్యాకెట్లు కొనకండి, అందులోనూ నీలం స్ట్రాబెర్రీ, నల్ల స్ట్రాబెర్రీ అని ఫొటోలు పెట్టి అమ్మేవి అసలే వద్దు, నీలం స్ట్రాబెర్రీ అనేదే లేదు. మామూలు ఎర్రవాటి విత్తనాలు మొలిచినా తల్లి లక్షణాలు రావు, అంతా సంకర జాతి కాబట్టి. తల్లి మొక్క తీగలు సాగిస్తుంది, ఆ తీగ నేలకి తగిలిన చోట వేళ్లు దిగి పిల్ల మొక్క తయారవుతుంది, కొనాల్సింది ఆ పిల్ల మొక్కనే. నర్సరీవాళ్లు రన్నర్లు అంటారు. అక్టోబరులో నాటితే సరిపోతుంది. రాత్రి చలి, పొద్దు పొట్టిగా ఉండటం ఉంటేనే ఇది పూతకొస్తుంది, హైదరాబాద్‌లో ఆ రెండూ దొరికేది డిసెంబరు, జనవరిల్లోనే. నేను ఒక నర్సరీ నుంచి కొరియర్‌లో తెప్పించిన వాటిలో సగం వేళ్లు ఎండిపోయే వచ్చాయి, అందుకని ఇప్పుడు దగ్గర్లోని నర్సరీకి వెళ్లి, మొవ్వ పచ్చగా ఉన్నవి కళ్లతో చూసి తెచ్చుకుంటున్నా.

ఆ మొవ్వే ప్రాణం. ఆకులన్నీ పుట్టే ఆ నడిమి భాగం సరిగ్గా మట్టి మట్టానికి ఉండాలి, మట్టిలో పూడితే కుళ్లుతుంది, మరీ పైకుంటే వేళ్లు ఎండుతాయి. మట్టి, వర్మీకంపోస్టు, కొబ్బరి పొట్టు సమానంగా కలిపితే నీళ్లు నిలవవు. ఎనిమిదంగుళాల కుండీకి ఒక మొక్క చాలు. మొదట వచ్చే ఒకటి రెండు పూలు మనసొప్పకపోయినా తుంచేయండి, మొక్క బలపడుతుంది. తేనెటీగలు రాని బాల్కనీ అయితే పువ్వు మధ్యలో మెత్తని పెయింట్ బ్రష్‌తో గుండ్రంగా తిప్పాలి, పుప్పొడి అన్నివైపులా అందకపోతే కాయ వంకరగా వస్తుంది. పైన గింజల్లా కనిపించేవే అసలు ఫలాలు, ఏ గింజకి పుప్పొడి అందలేదో దాని చుట్టూ కండ పెరగదు, వంకర కాయని దగ్గరగా చూస్తే నొక్కుకుపోయిన చోట గింజలు చిన్నగా, ఒత్తుగా ఉంటాయి. పూత నుంచి పండు దాకా నెల రోజులు అనుకోండి. కాయ మట్టికి తగలకుండా కింద వరిగడ్డి వేయండి. ఎర్రబడ్డ కాయ మీద మీకంటే ముందు పిట్టల కన్ను పడుతుంది, వల కట్టాల్సిందే.

పంట ఎంతొస్తుందంటే, జామ్‌కి సరిపోదు. ఒకసారికి గుప్పెడు. కానీ ముచ్చిక దాకా ఎర్రబడ్డాక, ఎండ తగిలి గోరువెచ్చగా ఉన్నప్పుడు తెంపి తింటే, పెట్టెలో పండుకీ దీనికీ సంబంధమే లేదనిపిస్తుంది. పిల్లలున్న ఇంట్లో రెండు మూడు కుండీలైనా పెట్టమని అందుకే అంటాను. కుండీలు పెట్టే వీలు లేకపోతే చలికాలంలో లంబసింగి వైపు వెళ్లినప్పుడు తోట దగ్గర కొనండి. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో ఆ చలికి స్ట్రాబెర్రీ బాగా పండిస్తున్నారు, కొన్ని తోటల్లో మనల్నే కోసుకోనిస్తారు. పూర్తిగా పండింది కోసుకోవచ్చు కాబట్టి ఆ రుచే వేరు.

నిల్వ చేసుకోవడానికి ఫిబ్రవరి మంచి నెల. ధర కాస్త దిగుతుంది, కాయ తియ్యబడుతుంది. ఫ్రీజర్‌లో పెట్టాలంటే కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ముచ్చికలు తీసి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పేర్చి గడ్డకట్టించాలి, ఆ తర్వాతే కవర్లో వేయాలి. లేకపోతే అన్నీ కలిసి ఒకే ముద్ద అవుతాయి. కరిగాక మెత్తబడతాయి కాబట్టి మిల్క్‌షేక్‌కీ జామ్‌కీ బాగుంటాయి, కోసుకుని తినడానికి కాదు.

జామ్ దగ్గర కాస్త ఓపిక పట్టాలి. కిలో పండుకి 600, 700 గ్రాముల పంచదార, రెండు నిమ్మకాయల రసం. ముక్కల మీద పంచదార చల్లి రాత్రంతా ఫ్రిజ్‌లో వదిలేస్తే పొద్దున్నకి ముక్కలు వాటి రసంలోనే తేలుతుంటాయి, చుక్క నీళ్లు పోయక్కర్లేదు. జామ్‌ని చిక్కగా గడ్డకట్టించే పెక్టిన్ స్ట్రాబెర్రీలో తక్కువ, బాగా పండినవాటిలో మరీ తక్కువ, అందుకని పావు వంతు పుల్లటి, గట్టి కాయలు కలిపితే జామ్ బాగా కుదురుతుంది (పెట్టెలో పుల్లవి వచ్చాయని బాధపడేవాళ్లకి ఇది పనికొస్తుంది). అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నెలో పెద్ద మంట మీద ఉడికించాలి. మొదట గులాబీ రంగు నురగ గిన్నె అంచు దాకా పొంగుతుంది, దాన్ని గరిటెతో తీసేయండి, కాసేపటికి బుడగలు చిన్నవి కాస్తా పెద్దవై, బద్ధకంగా టప్పుమంటూ పగులుతాయి. అప్పుడు ఫ్రీజర్‌లో పెట్టిన చిన్న పళ్లెం మీద ఒక చుక్క వేసి వేలితో నెట్టి చూస్తే పైన సన్నగా ముడత పడాలి. థర్మామీటర్ ఉంటే 105 డిగ్రీలు. వేడి నీళ్లలో మరిగించి ఆరబెట్టిన సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, పంచదార తగ్గించాం కాబట్టి బయట ఉంచొద్దు.

ఇంత శ్రమ ఎందుకు, కొనుక్కుంటే పోలా అంటే, ఒక్క విషయం చెప్తాను. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం మామూలు జామ్‌లో పండు కనీసం 45 శాతం ఉండాలి. స్ట్రాబెర్రీ జామ్‌కి 25 శాతం ఉంటే చాలు. ఈసారి దుకాణంలో సీసా వెనక పండు శాతం చదవండి. ఎక్కువ పండు వేసేవాళ్లు లేకపోలేదు, ఆ అంకె చూసి కొనండి చాలు.

తీపి వంటకాల్లో నాకు మీగడే ముందు. పంచ్‌గని దగ్గర మాప్రో గార్డెన్‌లో పొడవాటి గ్లాసులో ఇచ్చే స్ట్రాబెర్రీ క్రీమ్‌కి పేరుంది, ఇంట్లో అయితే గేదె పాల మీగడని పంచదార పొడితో గిలక్కొట్టి ముక్కల మీద వేస్తే అంతకి తక్కువేం కాదు. గుడ్డలో కట్టి వేలాడదీసిన పెరుగులో ముక్కలు నలిపి కలిపితే ఇంకా తేలిక. పాయసంలో వేసేవాళ్లు మాత్రం పాలు పూర్తిగా చల్లారాకే వేయండి, వేడి పాలలో పడితే పులుపుకి విరుగుతాయి. మరీ పుల్లటి కాయలు మిగిలితే మా అత్తయ్య రోటి పచ్చడి చేస్తారు, వేయించిన పచ్చిమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి వేసి నూరి, పైన ఇంగువ తాలింపు, వేడన్నంలో నెయ్యితో. నమ్మకం లేనివాళ్లు రెండు కాయలతో చేసి చూడండి.

నా మార్కులంటారా, జనవరి, ఫిబ్రవరి పెట్టెకి 5కి 4. డిసెంబరు పెట్టెకి 2, అదీ జామ్‌లో కలపడానికి. కుండీ పండుకి 5. మార్చి సగం దాటాక ఎండలకి దారిలోనే మెత్తబడిపోతున్నాయి, అప్పుడు నేను కొనను, ఎవరైనా సగం ధరకి ఇస్తామన్నా ఆ రోజే జామ్ చేసే తీరిక ఉంటేనే తీసుకోండి.