రాగి తీగ పరిస్థితిని దాచకుండా చెప్పే రౌటర్: దీర్ఘకాల వాడకం తరువాత సమీక్ష

భీమవరానికి దగ్గరలోని ఒక ఊళ్లో రొయ్యల మేత డీలర్లకు, ఐసు ఫ్యాక్టరీలకు లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు వేసే చిన్న కార్యాలయం మాది. అక్కడి నెట్‌వర్క్ బాధ్యత చాలా ఏళ్లుగా నేనే చూస్తున్నాను. ఫైబర్ మా వీధికి ఆలస్యంగా చేరడం వల్ల అంతవరకు పనంతా టెలిఫోన్ తీగ మీదనే సాగింది. ఇప్పటికీ ఫైబర్ తెగిన రోజున ఆదుకునే రెండో దారి ఆ లైనే. దాని చివర ఇన్నేళ్లూ పనిచేసినది బ్రాడ్‌కామ్ చిప్, నాలుగు లాన్ పోర్టులు, రెండు యాంటెన్నాలు ఉన్న, టెలిఫోన్ తీగ మీద ఇంటర్నెట్ అందించే ఒక సాధారణ ఏడీఎస్ఎల్2+ రౌటర్. ఇలాంటి బోర్డే వేర్వేరు పెట్టెల్లో, వేర్వేరు పేర్లతో అమ్ముడవుతుంది కాబట్టి కంపెనీ పేరును పక్కన పెట్టి, లోపలి ఫర్మ్‌వేర్ ఏం చేస్తుంది, ఏం చేయదు అన్నదే రాస్తున్నాను. డీఎస్ఎల్ రౌటర్‌ను వైఫై వేగం చూసి కొనేవారే ఎక్కువ. నా అనుభవంలో మాత్రం దాని విలువ తెలిసేది లైను గణాంకాల పేజీలోనే.

మొదటి అమరిక సులువుగానే పూర్తవుతుంది. బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి, వీపీఐ 0, వీసీఐ 35, ఎన్‌క్యాప్సులేషన్ ఎల్ఎల్‌సీ, కనెక్షన్ రకం పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లైను కలిపే పద్ధతి) అని ఎంచుకుని, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇస్తే నిమిషంలో ఇంటర్నెట్ దీపం వెలుగుతుంది. అయితే ఈ ఫర్మ్‌వేర్‌లోని సెటప్ విజార్డ్ ఎంటీయూను, అంటే ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని, 1500గానే వదిలేస్తుంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌లో పట్టే 1500 బైట్లలో పీపీపీఓఈ తన హెడర్ల కోసం 8 బైట్లు తీసుకుంటుంది కనుక అక్కడ 1492 ఉండాలి. అలా మార్చకపోతే చాలా సైట్లు మామూలుగా తెరుచుకున్నా, కొన్ని మాత్రం లాగిన్ పేజీ వరకు వచ్చి తెల్లగా నిలిచిపోతాయి. రిటర్నుల గడువు రోజున ఇలా జరిగితే అందరూ పోర్టల్ సర్వర్‌నే అనుమానిస్తారు. ఈ ఒక్క అంకెను విజార్డ్ తానే సరిచేసి ఉండవలసింది.

ప్రింటరుకు, ట్యాలీ ఉన్న కంప్యూటరుకు మ్యాక్ అడ్రసు (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్య) ఆధారంగా స్థిరమైన ఐపీ కేటాయించే సదుపాయం ఉంది, ఇన్నేళ్లలో అది ఒక్కసారి కూడా తప్పలేదు. బ్రిడ్జ్ మోడ్, అంటే రౌటర్ మోడెంగా మాత్రమే ఉండి మిగతా పనులను వెనకనున్న పరికరానికి వదిలేసే పద్ధతి, కూడా సరిగానే పనిచేస్తుంది.

ఇక గణాంకాల పేజీ సంగతి. ఏడీఎస్ఎల్2+ ప్రమాణం 2003లో వచ్చిన జీ.992.5. అది రాగి తీగ మీద 2.2 మెగాహెర్ట్‌జ్ వరకు ఉన్న పౌనఃపున్యాలను 4.3125 కిలోహెర్ట్‌జ్ చొప్పున 512 టోన్లుగా విభజించి, ఏ టోన్ ఎంత శుభ్రంగా ఉంటే దాని మీద అన్ని బిట్లు ఎక్కిస్తుంది. ఈ రౌటర్ పేజీలో రెండు దిశలకూ లైను వేగం, తీగ మోయగల గరిష్ఠ వేగం, ఎస్ఎన్ఆర్ మార్జిన్, అటెన్యుయేషన్, ఎఫ్ఈసీ, సీఆర్‌సీ లెక్కలు కనిపిస్తాయి. అటెన్యుయేషన్ అంటే తీగలో సిగ్నల్ ఎంత బలహీనపడిందో చెప్పే అంకె, అది ముఖ్యంగా తీగ పొడవును బట్టి ఉంటుంది. మా లైనులో అది 38 డెసిబెల్స్. కిలోమీటరుకు సుమారు 13.8 అని వాడుకలో ఉన్న లెక్క వేస్తే ఎక్స్ఛేంజి పరికరం నుంచి మాకు రెండున్నర కిలోమీటర్లకు పైగా తీగ ఉన్నట్టు. మార్జిన్ అంటే ఇప్పటి వేగాన్ని నిలబెట్టడానికి కావలసినదానికంటే సిగ్నల్ ఎంత మిగులుతో ఉందో చెప్పే అంకె. సాధారణంగా 6 డెసిబెల్స్‌ను లక్ష్యంగా పెట్టుకుంటారు. అది రెండు, మూడుకు దిగిందంటే లైను ఎప్పుడైనా తెగవచ్చు. ఎఫ్ఈసీ అంకె అక్కడికక్కడే సరిదిద్దుకున్న తప్పులది కనుక అది పెరిగినా కంగారు అవసరం లేదు. సీఆర్‌సీ అంకె సరిదిద్దలేకపోయిన తప్పులది. అది గబగబా పెరుగుతుంటే డేటా మళ్లీ మళ్లీ పంపవలసి వస్తోందని అర్థం.

ఈ అంకెలు ఎలా ఉపయోగపడ్డాయో ఒక సందర్భం చెబుతాను. ఒక ఏడాది ముసురు పట్టిన వారంలో మామూలుగా 11 డెసిబెల్స్ ఉండే మార్జిన్ 7కు పడిపోయింది. అటెన్యుయేషన్‌లో చెప్పుకోదగ్గ మార్పు లేదు, రౌటర్ దీపాలన్నీ యథాప్రకారం వెలుగుతున్నాయి. పేజీ తెరిచి ఉంచి పక్కనున్న ఫోన్ రిసీవర్ ఎత్తగానే మార్జిన్ 2కు జారింది, కాసేపటికి కనెక్షన్ తెగి, రౌటరు, ఎక్స్ఛేంజి పరికరం లైనును కొలిచి వేగం కుదుర్చుకునే శిక్షణ దశ మళ్లీ మొదలైంది. రిసీవర్ ఎత్తినప్పుడు తీగలో ప్రవహించే కరెంటు మారుతుంది. జాయింటు సరిగా లేని లైనులో దాని ప్రభావం వెంటనే డీఎస్ఎల్ మీద పడుతుంది. ఫోన్, ఇంటర్నెట్ సిగ్నళ్లను విడదీసే స్ప్లిటర్ మార్చి చూసినా ఫలితం అదే రావడంతో లోపం బయటి తీగలోనే ఉందని తేలిపోయింది. రిసీవర్ ఎత్తకముందు, ఎత్తాక వచ్చిన అంకెలను ప్రింటు తీసి లైన్‌మ్యాన్ గారికి చూపిస్తే, ఆయన మోడెం జోలికి పోకుండా నేరుగా స్తంభం మీది, తీగలు చీలి ఇళ్లకు వెళ్లే డీపీ బాక్సు తెరిచారు. లోపల చేత్తో మెలివేసి వదిలేసిన జాయింటు పచ్చటి చిలుము పట్టి ఉంది. దానిని కత్తిరించి జెల్ నింపిన కనెక్టరు వేశాక మార్జిన్ 11కు చేరింది. చుట్టూ ఉప్పునీటి చెరువులున్న మా ప్రాంతంలో రాగికి చిలుము త్వరగా పడుతుంది కాబట్టి, వానాకాలానికి ముందే ఈ అంకె రాసిపెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

సాయంత్రం పూట మార్జిన్ కొద్దిగా తగ్గడం మాత్రం చాలా లైన్లలో సహజమే. మీడియం వేవ్ రేడియో కూడా ఈ పౌనఃపున్యాల్లోనే ఉంటుంది. ఉదాహరణకు ఆకాశవాణి విజయవాడ 837 కిలోహెర్ట్‌జ్ అంటే లెక్క ప్రకారం 194వ టోన్ దగ్గరకు వస్తుంది. చీకటి పడ్డాక దూరపు స్టేషన్ల సిగ్నళ్లు కూడా ఇంకా బలంగా చేరుతాయి. ఏ టోన్ మీద ఎన్ని బిట్లు ఉన్నాయో చూపే పట్టిక వెబ్ పేజీలో లేదు, టెల్నెట్‌లో, అంటే రౌటర్‌కు అక్షరాల్లో ఆదేశాలు ఇచ్చే దారిలో, ఆదేశం ఇస్తేనే కనిపిస్తుంది. ఇంత విలువైన సమాచారాన్ని అంత లోపల దాచడం నాకు నచ్చలేదు. లక్ష్య మార్జిన్ మార్చే ఆదేశం కూడా అక్కడే ఉంది కానీ, రీస్టార్ట్ అయితే పాత విలువే వస్తుంది.

నిరంతర పర్యవేక్షణలో ఈ రౌటర్ బలహీనం. పేజీని చేత్తో రిఫ్రెష్ చేస్తే ఆ క్షణపు అంకెలు కనిపిస్తాయి తప్ప గ్రాఫ్ లేదు, చరిత్ర లేదు. లాగ్ మెమరీలోనే ఉంటుంది కనుక కరెంటు పోయిందంటే ముందు రాత్రి ఏం జరిగిందో చెప్పే ఆధారం పూర్తిగా చెరిగిపోతుంది. కరెంటు వచ్చాక కొత్త లాగ్ 1970 జనవరి 1తో మొదలవుతుంది, లైను కుదిరి, సరైన సమయం చెప్పే ఎన్‌టీపీ సర్వరు అందేదాకా అదే తేదీ నడుస్తుంది. దీనికి పరిష్కారంగా లాగ్‌ను వేరే కంప్యూటరుకు పంపే రిమోట్ సిస్‌లాగ్ ఆన్ చేసి, కార్యాలయంలో ఎప్పుడూ నడిచే ఒక పాత లినక్స్ కంప్యూటరుకు లాగ్ పంపిస్తున్నాను. అదే కంప్యూటరు ఐదు నిమిషాలకొకసారి టెల్నెట్ ద్వారా మార్జిన్, సీఆర్‌సీ అంకెలు తెచ్చి ఫైలులో రాస్తుంది. పరికరాల గణాంకాలను దూరం నుంచి చదివే ఎస్ఎన్ఎంపీ కూడా ఉంది గాని ట్రాఫిక్ లెక్కకు 32 బిట్ల కౌంటరు మాత్రమే ఇస్తుంది. 8 మెగాబిట్ల లైను నిండుగా నడిస్తే ఆ కౌంటరు సుమారు 71 నిమిషాల్లో నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. గంటకొకసారి కంటే అరుదుగా చదివేలా పెట్టుకున్నవారి గ్రాఫులు ఇందువల్లే తప్పుతాయి.

అప్‌లోడ్ సమయంలో వచ్చే ఇబ్బంది కూడా చెప్పాలి. ఒకరు స్కాన్ చేసిన బిల్లుల ఫైళ్లు పంపుతుంటే మిగతా అందరికీ పేజీలు తెరుచుకోవడం ఆలస్యమవుతుంది, పింగ్ సమయం సెకను దాటిపోతుంది. రౌటర్ తన బఫరులో పేరుకున్న డేటా వెనుక చిన్న ప్యాకెట్లను నిలబెట్టడమే దీనికి కారణం. ఏ డేటాకు ఎంత వేగం, ఏ ప్రాధాన్యం అన్నది నిర్ణయించే క్యూఓఎస్ పేజీలో అప్‌లోడ్ పరిమితిని లైను వేగంలో 80 శాతానికి పెట్టాక సమస్య తీరింది. ఏడీఎస్ఎల్‌లో డేటా 53 బైట్ల ఏటీఎం సెల్స్‌గా వెళ్తుంది. అందులో 48 బైట్లే సరుకు, హెడర్లకే తొమ్మిది శాతానికి పైగా పోతుంది. అందుచేత 95 శాతం అని పెడితే ఉపయోగం ఉండదు.

భద్రత విషయంలో ఈ రౌటర్‌ను పెట్టెలోంచి తీసినది తీసినట్టు వాడవద్దని గట్టిగా చెబుతాను. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ అడ్మిన్ అనే వస్తాయి, వ్యాన్ వైపు, అంటే బయటి ఇంటర్నెట్ వైపు, టెల్నెట్ తెరిచే ఉంటుంది. 2016 నవంబరులో జర్మనీలో డాయిష్ టెలికామ్ వినియోగదారులు సుమారు 9 లక్షల మందికి సేవలు దెబ్బతిన్నది రౌటర్ల రిమోట్ నిర్వహణకు వాడే 7547 పోర్టు మీద జరిగిన దాడి వల్లే. 2017 జులైలో మన దేశంలోనూ డిఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చని మోడెములు మాల్‌వేర్ బారిన పడ్డాయి. నేను పాస్‌వర్డ్ మార్చి, వ్యాన్ వైపు టెల్నెట్, వెబ్, ఎస్ఎన్ఎంపీ మూడూ మూసి, టీఆర్-069 (కంపెనీ దూరం నుంచి రౌటర్‌ను నిర్వహించే పద్ధతి), యూపీఎన్‌పీ (పోర్టులను వాటంతటవే తెరిచే సదుపాయం), డబ్ల్యూపీఎస్ (బటన్‌తో వైఫై కలిపే సదుపాయం) ఆపి, ఎస్ఎన్ఎంపీలో పాస్‌వర్డ్‌లా పనిచేసే పబ్లిక్ అనే కమ్యూనిటీ పేరు తీసేశాకే దీనిని లైనుకు కలిపాను. కొత్త ఫర్మ్‌వేర్ రావడం ఎప్పుడో ఆగిపోయింది. అందువల్ల ఇప్పుడు దీనిని బ్రిడ్జ్ మోడ్‌లో ఉంచి, పీపీపీఓఈ, ఫైర్‌వాల్ పనులు వెనకనున్న మరో రౌటర్‌కు అప్పగించాను. సెట్టింగుల బ్యాకప్ ఫైలులో పాస్‌వర్డులు చదవగలిగే రూపంలోనే ఉంటాయి కనుక దానిని అందరూ చూసే ఫోల్డరులో పెట్టకండి.

వైఫై ఒక గది దాటితే సన్నగిల్లుతుంది. వేసవిలో పెట్టె బాగా వేడెక్కుతుంది, నిలువుగా నిలబెడితే కొంత నయం. అడాప్టరు పాతబడి వోల్టేజి తగ్గినప్పుడు వైఫై మీద ఎక్కువమంది చేరగానే రౌటర్ రీస్టార్ట్ అయ్యేది. 12 వోల్టుల కొత్త అడాప్టరుతో అది ఆగిపోయింది. ఉరుములు మొదలైతే కరెంటు ప్లగ్గుతోపాటు టెలిఫోన్ తీగను కూడా తీయాలి, ఎందుకంటే పిడుగు ప్రభావం ఎక్కువగా ఆ తీగ నుంచే వస్తుంది.

ఫైబర్ దొరికే చోట కొత్తగా దీనిని కొనమని చెప్పను. రాగి లైను తప్పనిసరైనవారు, పాతది కొనేవారు డబ్బు ఇచ్చే ముందు పెట్టెను ఆన్ చేయించి గణాంకాల పేజీలో మార్జిన్, అటెన్యుయేషన్, సీఆర్‌సీ మూడూ కనిపిస్తున్నాయో లేదో చూడండి. బ్రిడ్జ్ మోడ్, రిమోట్ సిస్‌లాగ్ ఉన్నాయేమో అడగండి. మీ లైను రాగి తీగ మీదే నడిచే మరో ప్రమాణమైన వీడీఎస్ఎల్2 అయితే, ఎంత బాగా పనిచేస్తున్నా ఏడీఎస్ఎల్2+ రౌటర్ దానితో కలవదు.